అటానమస్ కాలేజీ, సిలబస్, టైంటేబుల్: బెంగళూరులో పిల్లల్ని చదివించే వాళ్ల అపోహలు - వాస్తవాలు

నేను బెంగళూరులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ అకడమిక్ సెక్షన్‌లో పనిచేస్తాను. సిలబస్ స్కీములు (ఏ సెమిస్టరులో ఏ సబ్జెక్టు అన్న పట్టికలు), అకడమిక్ క్యాలెండరు, టైంటేబుల్, ఎలక్టివ్‌ల (పిల్లలు ఎంచుకునే సబ్జెక్టుల) కేటాయింపు అన్నీ మా టేబుల్ మీదుగానే పోతాయి. అడ్మిషన్ల సీజన్‌లో అనంతపురం, కడప, చిత్తూరు, నెల్లూరు నుంచి వచ్చిన తల్లిదండ్రులు నేను తెలుగువాణ్నని తెలియగానే కుర్చీ దగ్గరికి లాక్కుని మొదలుపెడతారు. మళ్లీ మళ్లీ వినబడే మాటలు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. నిబంధనలన్నీ వీటీయూ, అంటే విశ్వేశ్వరయ్య సాంకేతిక విశ్వవిద్యాలయం కింద నడిచే కాలేజీలవి. డీమ్డ్, ప్రైవేటు యూనివర్సిటీల లెక్క వేరు.

అపోహ: అటానమస్ అంటే అంతా కాలేజీ ఇష్టం

"మీది అటానమస్ అంటిరి కదా సార్, ఆ మ్యాథ్స్ తీసేసి ఇంకో కోడింగ్ సబ్జెక్టు పెట్టచ్చు కదా" అని మొన్నామధ్య మదనపల్లె పెద్దాయన ఒకరు అడిగారు. ఆయన తప్పేమీ లేదు. బ్రోషర్లు అలాగే ఉంటాయి.

అటానమస్ హోదా ఇచ్చేది యూజీసీ, అంటే విశ్వవిద్యాలయ నిధుల సంఘం. దానితో కాలేజీ సొంతంగా సిలబస్ రాసుకోవచ్చు, సొంతంగా పరీక్షలు పెట్టుకోవచ్చు. పట్టా మాత్రం బెళగావిలో ఉన్న వీటీయూయే ఇస్తుంది. సిలబస్‌ను ప్రిన్సిపాల్ గదిలో కూర్చుని మార్చేయడం కుదరదు. ప్రతి డిపార్ట్‌మెంటుకూ సిలబస్ ఖరారు చేసే బోర్డ్ ఆఫ్ స్టడీస్ అనే కమిటీ ఉంటుంది. అందులో బయటి నిపుణులు, వైస్ చాన్సలర్ నామినేట్ చేసిన ఒకరు, పరిశ్రమ నుంచి ఒకరు, పాత విద్యార్థి ఒకరు ఉండాలి. అక్కడ ఒప్పుకున్నాక కాలేజీ మొత్తానికి ఉండే అకడమిక్ కౌన్సిల్‌కు పోవాలి. ఇంత చేసినా ఆ మార్పు సాధారణంగా కొత్తగా చేరే బ్యాచ్‌కే వర్తిస్తుంది. చేరిన ఏడాది స్కీమ్ ఏదైతే, చివరిదాకా అదే. అందుకే పాత స్కీమ్‌లో బ్యాక్‌లాగ్ (పాసవ్వని సబ్జెక్టు) మిగిలిన కుర్రాడికీ కొత్త స్కీమ్ కుర్రాడికీ ఒకే పేరున్న సబ్జెక్టులో రెండు వేర్వేరు ప్రశ్నపత్రాలు తయారుచేయాల్సి వస్తుంది. ఆ టెన్షన్ ఏంటో పరీక్షల విభాగంలో ఉన్నవాళ్లను అడగాలి.

అపోహ: ఏఐ వచ్చింది, సిలబస్‌లో చేర్చేస్తే సరి

దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి. నాలుగేళ్ల ఇంజినీరింగ్ డిగ్రీ బీఈ మొత్తానికి 160 క్రెడిట్లు. ఎనిమిది సెమిస్టర్లకు పంచితే సగటున సెమిస్టరుకు 20. వారానికి ఒక గంట పాఠం ఒక క్రెడిట్, రెండు గంటల ల్యాబ్ ఒక క్రెడిట్. మామూలు మూడు క్రెడిట్ల థియరీ సబ్జెక్టుకు సెమిస్టరంతా కలిపి 40 గంటలు. అవి ఐదు మాడ్యూళ్లు, ఒక్కోటీ ఎనిమిది గంటలు. ఫైనల్ పరీక్షలో మాడ్యూల్‌కు రెండు ప్రశ్నలు, ఒకటి రాస్తే చాలు.

ఈ పెట్టెలోకి కొత్త మాడ్యూల్ ఒకటి రావాలంటే పాతది ఒకటి బయటికి పోవాలి. మీటింగ్‌లో చేర్చమనేవాళ్లు పదిమంది ఉంటారు, ఫలానాది తీసేద్దాం అనేవాళ్లు ఒక్కరూ ఉండరు. కంపెనీ నుంచి వచ్చినాయన క్లౌడ్ కావాలంటారు, పాత విద్యార్థి ఇంటర్వ్యూల్లో అడిగేవి కావాలంటాడు, ఇరవై ఏళ్లుగా మైక్రోప్రాసెసర్లు చెబుతున్న ప్రొఫెసర్ గారు ఆ ఎనిమిది గంటలు వదలనంటారు. పొద్దున మొదలైన వాదన మధ్యాహ్నం భోజనాల దాకా సాగి, చివరికి ఎనిమిది గంటల పాఠం ఆరు గంటలకు కుదించి రెండు గంటలు సంపాదిస్తారు. రెండు గంటల్లో ఏఐ ఏం చెబుతారు? పరిచయం చెబుతారు.

ఇంకో ముడి ఉంది. మెషీన్ లెర్నింగ్ అర్థం కావాలంటే ప్రాబబిలిటీ, లీనియర్ ఆల్జీబ్రా ముందే వచ్చి ఉండాలి. మదనపల్లె పెద్దాయన తీసేయమన్న మ్యాథ్స్ అదే. నాలుగో సెమిస్టరులో ఏది పెట్టాలన్నది మొదటి రెండు సెమిస్టర్లలో ఏం చెప్పామన్న దాని మీద ఆధారపడుతుంది. అటు నుంచి ఇటు ఒక్క సబ్జెక్టు జరిపితే వెనకాల మూడు కదులుతాయి.

నన్నడిగితే, సబ్జెక్టు పేరు చూసి మోసపోకండి. పేరులో ఏఐ చేర్చి లోపల పాత మాడ్యూళ్లే ఉంచిన సిలబస్‌లు బోలెడు. అడ్మిషన్‌కు ముందే స్కీమ్ పుస్తకం అడిగి తీసుకోండి. ఎల్, టీ, పీ అని మూడు గడులుంటాయి: పాఠం, ట్యుటోరియల్, ప్రాక్టికల్. కోడింగ్ సబ్జెక్టుకు పీ గడిలో సున్నా ఉంటే అది బోర్డు మీద నేర్పే కోడింగ్ అని అర్థం.

అపోహ: సీట్లు పెరిగితే నాలుగు బెంచీలు వేస్తే చాలు

సాంకేతిక విద్యను నియంత్రించే ఏఐసీటీఈ 2024-25 నుంచి బాగా నడిచే కాలేజీలకు ఒక్కో బ్రాంచిలో సీట్ల గరిష్ఠ పరిమితి ఎత్తేసింది. బెంగళూరులో కంప్యూటర్ సైన్స్ సెక్షన్లు వరసగా పుట్టుకొచ్చాయి. క్లాస్‌రూమ్ సంగతి ఎలాగో సర్దుతాం. ల్యాబ్ దగ్గరే ఆగిపోతాం.

లెక్క చూడండి. 60 మంది సెక్షన్‌ను ల్యాబ్‌కు 20 మంది చొప్పున మూడు బ్యాచ్‌లు చేస్తాం. ఒక ల్యాబ్ గదిలో రోజుకు రెండు గంటల స్లాట్లు మూడు పడతాయి, సోమవారం నుంచి శుక్రవారం దాకా 15. ఐదు సెక్షన్లు, మూడేసి బ్యాచ్‌లు: సరిగ్గా 15. గది నిండిపోయింది. ఆరో సెక్షన్ వస్తే 18 కావాలి. అప్పుడు శనివారం నడపాలి, లేకపోతే 20 మంది బ్యాచ్‌ను 30 చేయాలి, లేకపోతే కొత్త ల్యాబ్ కట్టాలి. సులభమైనది రెండోది కాబట్టి చాలాచోట్ల అదే జరుగుతుంది. క్యాంపస్ చూడ్డానికి వచ్చినప్పుడు ఏసీ సెమినార్ హాలు చూసి మురిసిపోకుండా ల్యాబ్‌లో బ్యాచ్‌కు ఎంతమంది అని అడగండి.

మనుషుల లెక్క కూడా ఉంది. యూజీసీ ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్ వారానికి నేరుగా క్లాసు చెప్పాల్సింది 16 గంటలు, పై హోదాల వాళ్లకు 14. ఈ గంటలు కుదరకపోతే ఎవరో ఒకరు తనది కాని సబ్జెక్టు చెప్పాల్సి వస్తుంది.

అపోహ: టైంటేబుల్ సాఫ్ట్‌వేర్ ఉంది కదా, బటన్ నొక్కితే వచ్చేస్తుంది

టైంటేబుల్ వేయడం కంప్యూటర్ సైన్స్ లెక్కలో చాలా కష్టమైన సమస్యల కోవలోకి వస్తుందని 1976లోనే రుజువైంది. సాఫ్ట్‌వేర్ మనం చెప్పిన షరతులు చూసుకుంటుంది. చెప్పనివి దానికేం తెలుసు? వైట్‌ఫీల్డ్ నుంచి కెంగేరి వైపు కాలేజీకి వచ్చి పాఠం చెప్పే పరిశ్రమ నిపుణుడికి మొదటి గంట వేస్తే, ఔటర్ రింగ్ రోడ్డులోనే ఆయన పీరియడ్ అయిపోతుంది. మ్యాథ్స్ వాళ్లు అన్ని బ్రాంచిలకూ ఉమ్మడి, వాళ్లది ముందు వేసి మిగతావి తర్వాత వేయాలి. వేరే బ్రాంచి సబ్జెక్టు ఎంచుకునే ఓపెన్ ఎలక్టివ్ అయితే అన్ని డిపార్ట్‌మెంట్లకూ ఒకే సమయంలో ఖాళీ దొరకాలి. "మా అమ్మాయి అడిగిన ఎలక్టివ్ ఎందుకు రాలేదు" అనే ప్రశ్నకు జవాబు చాలాసార్లు మార్కుల్లో ఉండదు, ఈ ఖాళీల్లో ఉంటుంది.

అపోహ: సంక్రాంతికి వారం సెలవు ఇవ్వడానికి వీళ్లకేం పోయింది

ఏటా వినే మాటే. మనకు మూడు రోజుల పండగ, ఇక్కడ ఒక రోజు సెలవు. పైగా బేసి సెమిస్టరు పరీక్షలు తరచూ జనవరి చుట్టుపక్కలే పడతాయి. సెమిస్టరుకు 90 బోధన దినాలు చూపించాలి. దసరా, దీపావళి, కన్నడ రాజ్యోత్సవం, కాలేజీ ఫెస్ట్, ఇంటర్నల్ టెస్టులు అన్నీ పోను ఇవి మిగలాలి. అసలు చిక్కు సెలవుల సంఖ్యలో కంటే అవి వారంలో ఏ రోజున పడతాయన్న దాంట్లో ఉంది. నాలుగు సెలవులు సోమవారాలే వస్తే, సోమవారం రెండు గంటలున్న సబ్జెక్టుకు ఎనిమిది గంటలు పోతాయి, అంటే పూర్తిగా ఒక మాడ్యూల్. అందుకే ఒక్కో శనివారం "సోమవారం టైంటేబుల్" అని నోటీసు పెడతాం. పిల్లలు దాన్ని తిట్టుకుంటారు. రైలు టికెట్ బుక్ చేసే ముందు వెబ్‌సైట్‌లో క్యాలెండర్ ఒకసారి చూడమని మీ వాడికి చెప్పండి.

హాజరు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మనవాళ్లు మన వైపు ఇంజినీరింగ్ కాలేజీలుండే జేఎన్‌టీయూ యూనివర్సిటీ అలవాటుతో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం అనుకుంటారు. వీటీయూలో ప్రతి కోర్సులోనూ విడివిడిగా 85 శాతం ఉండాలి. సరైన కారణం ఉంటే 75 దాకా మినహాయింపు అడగొచ్చు, అదీ సిఫారసు మీద. సగటు బాగుండి ఒక్క సబ్జెక్టులో తగ్గినా ఆ సబ్జెక్టు పరీక్ష పోతుంది.

అపోహ: క్రెడిట్ బ్యాంకు వచ్చింది, ఎప్పుడైనా హైదరాబాద్‌కు మారిపోవచ్చు

విద్యార్థి సంపాదించిన క్రెడిట్లను ఖాతాలో జమ చేసే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్‌కు యూజీసీ నిబంధనలు 2021లో వచ్చాయి. జమ అయిన క్రెడిట్ గరిష్ఠంగా ఏడేళ్లు చెల్లుతుంది. కానీ పాస్‌బుక్‌లో జమ చూపించినంత మాత్రాన వేరే యూనివర్సిటీ సీటు ఇవ్వదు. అక్కడ ఖాళీ ఉండాలి, వాళ్ల సిలబస్‌తో మీ సబ్జెక్టులు సరిపోవాలి, సరిపోనివి మళ్లీ రాయాలి.

డిగ్రీ కాలేజీల వాళ్లకు ఒక మాట: కర్ణాటక 2021-22లో నాలుగేళ్ల డిగ్రీ మొదలుపెట్టింది, 2024-25 నుంచి మళ్లీ మూడేళ్లకు వచ్చింది. అన్నకు చెప్పిన లెక్క తమ్ముడికి పనికిరాదు.

అపోహ: క్రెడిట్ తక్కువైనవి, క్రెడిట్ లేనివి పట్టించుకోనక్కర్లేదు

సమాజ సేవ లాంటి పనులకు ఇచ్చే ఏఐసీటీఈ యాక్టివిటీ పాయింట్లు నాలుగేళ్లలో 100 చేయాలి, డిప్లొమా చేసి నేరుగా రెండో ఏడాదిలో చేరే లేటరల్ ఎంట్రీ వాళ్లకు 75. మొత్తం గ్రేడ్ల సగటైన సీజీపీఏలో కలవవు, కానీ అవి పూర్తి కాకపోతే పట్టా ఆగుతుంది. ఏడో సెమిస్టరులో సర్టిఫికెట్ల కోసం ఎన్జీవోల చుట్టూ పరుగెత్తే పిల్లల్ని ఏటా చూస్తాం. కన్నడం రాని వాళ్లకు బళకె కన్నడ అని ఒక క్రెడిట్ కోర్సు ఉంది. లిపి మనదానికి దగ్గరే కదా అని తెలుగు పిల్లలు ఆ క్లాసు ఎగ్గొడతారు. వాళ్లలో సగం మందికి తెలుగు చదవడమే సరిగ్గా రాదు, అది వేరే సంగతి. హాజరు అక్కడా 85 శాతమే.