వీడియోలో కంటిపాపని పట్టుకోవడం: అపోహలు, వాస్తవాలు

ఐ ట్రాకింగ్ (కెమెరాతో కంటి కదలికల్ని పట్టుకోవడం) మీద పని చేస్తుంటా కాబట్టి బీటెక్ ఫైనల్ ఇయర్ పిల్లల దగ్గర్నుంచి రీసెర్చ్ చేసేవాళ్ల దాకా చాలామంది ప్రశ్నలు అడుగుతుంటారు, ప్రశ్నలు వేరే వేరే అయినా వాటి వెనకాల ఉండే నమ్మకాలు మాత్రం ఎప్పుడూ అవే. అవన్నీ ఒకచోట రాసిపెడితే ఎవరికైనా నెల రోజుల పని మిగులుతుందని రాస్తున్నా. నా వాదన ఒక్కటే: ఈ పనిలో పెద్ద వాటా కోడ్ మొదలుపెట్టకముందే, లైటు దగ్గరా కెమెరా దగ్గరా తేలిపోతుంది. ఏ అల్గారిథం వాడాలి అని అడిగే ముందు మీ వీడియోలో కంటిపాప అడ్డంగా ఎన్ని పిక్సెళ్లు ఉందో కొలవండి, చాలా ప్రశ్నలకి జవాబు అక్కడే దొరుకుతుంది.

అపోహ: కంటిపాప నల్లగానే కదా ఉంటుంది, థ్రెషోల్డ్ (ఇంతకంటే నల్లగా ఉన్న పిక్సెళ్లనే తీసుకోమనే హద్దు) పెడితే వచ్చేస్తుంది

నల్లగానే ఉంటుంది, కానీ దాని చుట్టూ ఉన్న రంగు వలయం, అంటే ఐరిస్ కూడా మనవాళ్లలో ఎక్కువమందికి ముదురు గోధుమ రంగే. మామూలు వెలుతురులో ఫోన్‌తో తీసిన ఫొటోని జూమ్ చేసి చూడండి, పాప ఎక్కడ అయిపోయిందో ఐరిస్ ఎక్కడ మొదలైందో మన కంటికే సరిగ్గా తెలీదు, ఇంక థ్రెషోల్డ్‌కి ఎలా తెలుస్తుంది. నీలం కళ్లో లేత ఆకుపచ్చ కళ్లో ఉన్నవాళ్ల మీద చేసిన డెమో వీడియో చూసి అదే కోడ్ ఇక్కడ నడిపితే మొత్తం ఐరిస్‌ని పాప అని చూపిస్తుంది, సమస్య కోడ్‌లో లేదు, అక్కడ పట్టుకోవడానికి కాంట్రాస్టే లేదు.

అందుకే ఈ ఫీల్డ్‌లో సీరియస్‌గా పని చేసేవాళ్లు ఇన్‌ఫ్రారెడ్ (ఐఆర్, కంటికి కనిపించని కాంతి) వాడతారు. ఐరిస్‌కి ఆ ముదురు రంగు ఇచ్చే మెలనిన్ కంటికి కనిపించే కాంతిని బాగా పీల్చేసుకుంటుంది గానీ ఐఆర్‌ని అంతగా పీల్చదు, కాబట్టి ఐఆర్ లైట్ వేస్తే గోధుమ కన్ను కూడా బూడిద రంగులోకి వచ్చేసి మధ్యలో పాప మాత్రం గుండ్రంగా నల్లగా తేలుతుంది. ఆధార్ తీసుకునేటప్పుడు కళ్లు స్కాన్ చేసిన పరికరం కూడా ఐఆర్‌దే, కారణం కూడా ఇదే, ముదురు ఐరిస్‌లో గీతలు బయటపడేది ఆ వెలుగులోనే. మామూలుగా దొరికే ఐఆర్ ఎల్ఈడీలు 850 నానోమీటర్ల తరంగదైర్ఘ్యంవి, 940వి. 850కి కెమెరా సెన్సర్లు బాగా స్పందిస్తాయి కానీ ఎల్ఈడీ కొంచెం ఎర్రగా కనపడుతుంది, 940 అస్సలు కనపడదు కానీ సెన్సర్‌కి వెలుగు తక్కువ అందుతుంది. ఆరుబయట మాత్రం 940 మేలు, ఎందుకంటే గాలిలోని నీటి ఆవిరి సూర్యకాంతిలో ఆ ముక్కని చాలావరకు పీల్చేస్తుంది. ఇంకో సంగతి, మామూలు వెబ్‌క్యామ్ లోపల ఐఆర్‌ని ఆపే ఫిల్టర్ ఉంటుంది, అది తీయకుండా బయట ఎన్ని ఎల్ఈడీలు పెట్టినా ప్రయోజనం ఉండదు.

లైటు ఎక్కడ పెట్టామన్నది కూడా ముఖ్యమే. ఎల్ఈడీ లెన్స్‌కి బాగా దగ్గరగా, దాదాపు అదే గీతలో ఉంటే కాంతి రెటీనాకి తగిలి నేరుగా వెనక్కి వచ్చేసి పాప తెల్లగా వెలుగుతుంది, ఫ్లాష్ ఫొటోల్లో కళ్లు ఎర్రగా పడేది కూడా ఇలాగే. కొంచెం పక్కకి జరిపితే పాప నల్లగా ఉంటుంది. రెండు పద్ధతులూ పనికొస్తాయి, కానీ మీ కోడ్ దేన్ని వెతుకుతోందో మీకు తెలిసుండాలి.

ఇంత చేశాక కూడా నల్లగా ఉన్నదల్లా పాప కాదు. కాటుక, మస్కారా, రెప్ప వెంట్రుకలు, కళ్లజోడు ఫ్రేమ్ నీడ ఇవన్నీ ఐఆర్‌లోనూ నల్లగానే పడతాయి. కాటుక పెట్టుకున్న కంటికి థ్రెషోల్డ్ వేస్తే పాప, కింద రెప్ప అంచు కలిసిపోయి ఒకే పెద్ద మచ్చలా వస్తుంది. మన దగ్గర డేటా సేకరించేవాళ్లు కాటుక ఉన్న కళ్లని పక్కన పెట్టేయకండి, రేపు మీ సిస్టమ్ వాడేది వాళ్లే.

అపోహ: హార్ కాస్కేడ్‌తో కన్ను పట్టి హఫ్ సర్కిల్స్ వేస్తే అయిపోయింది

ఓపెన్‌సీవీలో (ఇమేజ్‌లతో పని చేయడానికి వాడే ఉచిత కోడ్ లైబ్రరీ) మొదటి రోజు చేసే ప్రయోగం ఇదే, నేర్చుకోవడానికి మంచిదే, అక్కడే ఆగిపోవడమే ఇబ్బంది. హార్ కాస్కేడ్, అంటే వయోలా-జోన్స్ 2001లో తెచ్చిన పద్ధతి, ఇచ్చేది ఒక చదరపు డబ్బా, దీని లోపల కన్ను ఉంది అని మాత్రమే చెప్తుంది. ఆ డబ్బా మధ్య బిందువు పాప మధ్య బిందువు కాదు, పైగా ఫ్రేమ్ ఫ్రేమ్‌కీ డబ్బా అటూ ఇటూ కదులుతూనే ఉంటుంది. కొన్నిసార్లు ముక్కు రంధ్రాన్ని కూడా కన్ను అంటుంది.

ఇక హఫ్ సర్కిల్స్ వెతికేది వృత్తాన్ని. కెమెరాకి ఎదురుగా చూసినప్పుడే పాప వృత్తంలా కనపడుతుంది, పక్కకి చూస్తే దీర్ఘవృత్తం అయిపోతుంది. కెమెరా నుంచి 45 డిగ్రీలు పక్కకి తిరిగిన కంట్లో పాప వెడల్పు దాదాపు ఏడు పదోవంతులకి తగ్గుతుంది. పైన రెప్ప కొంత కప్పేస్తుంది. ఎల్ఈడీ మెరుపు సరిగ్గా పాప అంచు మీద పడితే అక్కడ ఒక సొట్ట. అందుకే చేయి తిరిగినవాళ్లు అంచుల్ని తీసి, మెరుపు వల్ల పడ్డ సొట్టల్ని సరిచేసి, ఆ మిగిలిన బిందువుల మీద ఎలిప్స్ (దీర్ఘవృత్తం) ఫిట్ చేస్తారు, చెడ్డ బిందువుల్ని రాన్‌సాక్ అనే పద్ధతితో ఏరేస్తారు. 2005లో వచ్చిన స్టార్‌బర్స్ట్ నుంచి 2015 నుంచి వచ్చిన ఎక్స్‌క్యూస్, ఎల్స్, ప్యూర్ దాకా చాలా పద్ధతులు నిజానికి ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతాయి, ఈ అంచుల్లో ఏవి పాపవి ఏవి కావు అని. వాటి కోడ్ చదవండి, డీప్ లెర్నింగ్ వాడేవాళ్లయినా సరే చదవండి, కన్ను ఎలా మోసం చేస్తుందో అందులో రాసి ఉంటుంది.

అపోహ: నాది ఫుల్ హెచ్‌డీ వెబ్‌క్యామ్, అది చాలదా?

ఇక్కడ లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే ఈ ఒక్క లెక్క తెలియక చాలా ప్రాజెక్టులు ఆగిపోతున్నాయి. కెమెరా అడ్డంగా 60 డిగ్రీలు చూస్తుందనుకోండి, మనిషి 60 సెంటీమీటర్ల దూరంలో కూర్చున్నాడు. అంత దూరంలో కెమెరాకి కనిపించే వెడల్పు సుమారు 69 సెంటీమీటర్లు. 1920 పిక్సెళ్లు పంచితే ఒక్కో పిక్సెల్‌కి 0.36 మి.మీ. ఐరిస్ వెడల్పు పెద్దవాళ్లలో దాదాపు 12 మి.మీ, అంటే 33 పిక్సెళ్లు. పాప వెలుగుని బట్టి 2 నుంచి 8 మి.మీ మధ్య మారుతుంది, 4 అనుకుంటే 11 పిక్సెళ్లు. 640 వెడల్పు వీడియో అయితే పాప 4 పిక్సెళ్లు కూడా ఉండదు.

అసలు సంగతి ఇంకా ముందుంది. కన్ను ఒక డిగ్రీ తిరిగితే పాప కదిలేది 0.17 మి.మీ మాత్రమే, అంటే ఫుల్ హెచ్‌డీలో అర పిక్సెల్. ఒక డిగ్రీ అంటే స్క్రీన్ మీద దాదాపు ఒక సెంటీమీటర్. మీ డిటెక్షన్ రెండు పిక్సెళ్లు తప్పితే స్క్రీన్ మీద నాలుగు సెంటీమీటర్లు తప్పినట్టే, అంటే ఈ బటన్ చూస్తున్నాడా పక్క బటన్ చూస్తున్నాడా అన్నది చెప్పలేం. దానికి తోడు వీడియో కంప్రెషన్ ముందుగా చెరిపేసేది ఇలాంటి చిన్న చిన్న అంచుల్నే. కళ్లతో కర్సర్ కదిలించి మాట్లాడలేనివాళ్లకి సాయం చేద్దామని మొదలుపెట్టే పిల్లలు ఎంతోమంది ఉన్నారు, చాలా మంచి ఆలోచన, కానీ దానికి పెద్ద పెద్ద బటన్లు పెట్టండి, లేదా కెమెరాని కంటికి దగ్గరగా తీసుకెళ్లండి. కళ్లజోడుకి బిగించిన చిన్న ఐఆర్ కెమెరాలో పాప చాలా పెద్దగా పడుతుంది కాబట్టి తక్కువ రిజల్యూషన్ అయినా సరిపోతుంది.

మీడియాపైప్ (ముఖం మీద బిందువుల్ని గుర్తించే గూగుల్ టూల్) వాడేవాళ్లకి ఒక మాట. అది ఒక్కో కంటికి ఇచ్చే 5 బిందువుల్లో ఒకటి మధ్యది, నాలుగు ఐరిస్ అంచువి. పాప అంచు అందులో లేదు. కాబట్టి దాంతో పాప పెద్దదైంది చిన్నదైంది అని గ్రాఫులు గీయకండి, మీరు కొలుస్తున్నది ఐరిస్‌ని, అది మారదు.

అపోహ: పాప మధ్య బిందువు దొరికితే ఎక్కడ చూస్తున్నాడో తెలిసిపోయినట్టే

కాదు. తల కొంచెం కదిపినా ఇమేజ్‌లో పాప కదులుతుంది, చూపు మాత్రం అక్కడే ఉండొచ్చు. అందుకే కార్నియా (కంటి ముందుండే పారదర్శక పొర) మీద పడే ఎల్ఈడీ మెరుపుని కూడా పట్టుకుని, పాపకీ మెరుపుకీ మధ్య దూరాన్ని కొలుస్తారు, తల కొద్దిగా కదిలితే రెండూ కలిసి కదులుతాయి కాబట్టి ఆ తేడా పెద్దగా మారదు. ఇంకా, మనం చూసే గీత కంటి మధ్యగుండా పోయే గీతతో కలవదు, సుమారు 5 డిగ్రీల తేడా ఉంటుంది, అదీ మనిషి మనిషికీ వేరు. కాలిబ్రేషన్‌లో, అంటే సిస్టమ్‌ని ఆ మనిషి కంటికి సరిచూసేటప్పుడు, చుక్కల్ని చూడమనేది ఇందుకే, అది వద్దు అనుకుంటే ఆ తేడా మొత్తం మీ జవాబులోకి వచ్చేస్తుంది. చీకట్లో పాప పెద్దదవుతున్నప్పుడు దాని మధ్య బిందువు కూడా కొంచెం పక్కకి జరుగుతుంది, కాబట్టి వెలుతురు ఉన్న గదిలో కాలిబ్రేట్ చేసి లైట్లు ఆర్పేసి కొలిస్తే తేడా వస్తుంది. అసలు కెమెరాకి కనిపించేది అసలైన పాప కూడా కాదు, కార్నియా వంపు గుండా కనిపించే దాని ప్రతిబింబం, నిజం సైజు కంటే సుమారు 13 శాతం పెద్దగా ఉంటుంది.

అపోహ: ట్రాకింగ్ కదా, కాల్మన్ ఫిల్టర్ (ముందటి కదలికని బట్టి తర్వాతి చోటు ఊహించి సరిచేసే లెక్క) పెడితే స్మూత్ అవుతుంది

కదిలే వస్తువుని వెంబడించేటప్పుడు తప్ప కన్ను మెల్లగా జారుతూ కదలదు. ఒకచోట ఆగుతుంది, అక్కడ్నుంచి ఇంకో చోటికి ఒక్కసారిగా దూకుతుంది. దాన్నే సకాడ్ అంటాం, పెద్ద సకాడ్‌లో వేగం సెకనుకి 500 డిగ్రీలు దాటుతుంది. 10 డిగ్రీల సకాడ్ మొత్తం 40-50 మిల్లీసెకన్లలో అయిపోతుంది, 30 ఎఫ్‌పీఎస్ (సెకనుకి 30 ఫ్రేములు) కెమెరాలో రెండు ఫ్రేముల మధ్య గ్యాపే 33 మిల్లీసెకన్లు, అంటే ఆ దూకుడులో మీకు చిక్కేది ఒక ఫ్రేము, మహా అయితే రెండు, అవీ మసకగా. సకాడ్ల వేగం మీద రీసెర్చ్ చేసేవాళ్లు ఐలింక్ 1000 లాంటి సెకనుకి వెయ్యి సాంపిళ్లు తీసే ఐ ట్రాకర్లు వాడేది ఊరికే కాదు. నిలకడైన వేగం అనుకుని కాల్మన్ పెడితే కన్ను దూకి అక్కడ ఆగిపోయాక కూడా ఫిల్టర్ వెనకాల మెల్లగా వస్తూ ఉంటుంది, గ్రాఫ్ అందంగా ఉంటుంది, లోపల సమాచారం చచ్చిపోతుంది.

రెప్పపాటు దగ్గర ఇంకా జాగ్రత్త. రెప్ప పైనుంచి దిగుతున్నప్పుడు పాప పై భాగం మూసుకుపోతుంది, మిగిలిన ముక్కకి ఎలిప్స్ ఫిట్ చేస్తే దాని మధ్య బిందువు కిందకి జారుతుంది, సైజు తగ్గుతుంది. డేటాలో అది మనిషి కిందకి చూసినట్టు పడుతుంది, చూపు మాత్రం కదల్లేదు. పాప కనపడని ఫ్రేములు తీసేస్తే సరిపోదు, వాటికి ముందూ వెనకా కూడా 50 నుంచి 100 మిల్లీసెకన్లు తీసేయాలి. పాప లేని ఫ్రేమ్‌లో "లేదు" అని చెప్పే సిస్టమ్, ఎప్పుడూ ఏదో ఒక బిందువు ఇచ్చే సిస్టమ్ కంటే నాకు చాలా విలువైనది.

అపోహ: డ్రైవర్ నిద్రమత్తు ప్రాజెక్టుకి ప్యూపిల్ (కంటిపాప) డిటెక్షన్ కావాలి

అక్కర్లేదు. రెప్ప ఎంతసేపు మూసుకుని ఉందన్నది చాలు, రెప్పల అంచు బిందువులతోనే లెక్క తేలుతుంది. రాత్రిపూట కారులో వెలుతురు ఉండదు కాబట్టి ఐఆర్ మాత్రం కావాల్సిందే.

అపోహ: డీప్ లెర్నింగ్ వచ్చాక ఇది అయిపోయిన సమస్య

చాలా మెరుగైంది, ఒప్పుకుంటా. రెప్ప సగం కప్పినా, మెరుపులు పడినా మంచి సెగ్మెంటేషన్ మోడల్ (ఏ పిక్సెల్ పాపదో ఏది కాదో చెప్పేది) నిలబడుతుంది. కానీ "99 శాతం యాక్యురసీ" అని రాసిన చోట దేన్ని కొలిచారో చూడండి. బయోఐడీ అని 1521 బ్లాక్ అండ్ వైట్ ఫొటోల పాత డేటాసెట్ ఉంది, అందులో తప్పుని రెండు కళ్ల మధ్య దూరంతో భాగించి చెప్తారు. 0.25 లోపు ఉంటే సరైనది అని లెక్కేసే అలవాటు ఒకటుంది, 0.25 అంటే కంటి మధ్య నుంచి కంటి మూల దాకా! కంటి మూలని చూపించినా పాస్ అయిపోతుంది. పాప లోపల ఉండాలంటే 0.05 దగ్గర చూడాలి, అక్కడ అంకెలు బాగా పడిపోతాయి. హెడ్‌సెట్ వీడియోల్లో 5 పిక్సెళ్ల లోపు తప్పు అనే కొలత కూడా అంతే, పాప 100 పిక్సెళ్లు ఉంటే అది కష్టమైన పరీక్ష, 15 పిక్సెళ్లు ఉంటే చాలా సులువు.

ఇంకోటి, వీడియో ఫ్రేముల్ని కలగాపులగం చేసి ట్రైనింగ్‌కి 80 శాతం, టెస్టుకి 20 శాతం అని విడగొట్టడం. పక్క పక్క ఫ్రేములు దాదాపు ఒకేలా ఉంటాయి కాబట్టి ట్రైనింగ్‌లో చూసిన కన్నే టెస్టులోనూ వస్తుంది. విడగొట్టాల్సింది మనుషుల్ని, ఒక మనిషి ఫ్రేములన్నీ ఒకే వైపు ఉండాలి. కొత్త మనిషి, కొత్త గది, కొత్త కళ్లజోడు, అక్కడ వచ్చిన నంబరే నంబరు.

అపోహ: పాప పెద్దదైతే అబద్ధం చెప్తున్నట్టు

ఆలోచన భారం పెరిగితే పాప కొద్దిగా పెద్దదవుతుందన్నది నిజమే, హెస్, పోల్ట్ అనే పరిశోధకులు 1960ల్లో, ఆ తర్వాత కానేమన్, బీటీ 1966లో చూపించారు. కానీ ఆ మార్పు మామూలుగా అర మిల్లీమీటరు లోపే, స్క్రీన్ వెలుతురు మారితే వచ్చే మార్పు దానికి ఎన్నో రెట్లు. తెల్ల స్లైడ్ తర్వాత నల్ల స్లైడ్ వేస్తే ప్రతి మనిషి పాపా పెద్దదవుతుంది. వయసు, వాడే మందులు, కన్ను ఏ వైపు తిరిగి ఉంది, ఇవన్నీ కలుస్తాయి. ఇంటర్వ్యూలో అబద్ధాలు పట్టే యాప్ చేస్తాం అని ఎవరైనా వస్తే నేను సాయం చేయను, దానివల్ల నిజం చెప్పిన మనిషి ఉద్యోగం పోవచ్చు.

అపోహ: ఐఆర్ కంటికి కనపడదు, ఎంత పెట్టినా ఏం కాదు

కనపడదు కాబట్టే జాగ్రత్త పడాలి. ఎక్కువ వెలుతురు పడితే పాప ముడుచుకుంటుంది, రెప్ప మూసుకుంటుంది, తల తిప్పేసుకుంటాం, ఐఆర్‌కి వీటిలో ఏదీ జరగదు. ఎల్ఈడీ ఎంత కరెంటుతో నడుస్తోంది, కంటికి ఎంత దూరంలో ఉంది, ఎంతసేపు ఉంటుంది, ఇవి ఐఈసీ 62471 (లైట్ల వల్ల కంటికి హాని లేకుండా చూసే ప్రమాణం) పరిమితులతో లెక్క చూసుకున్నాకే మనిషి ముందు పెట్టండి. కళ్లజోడుకి బిగించేవి కంటికి రెండు మూడు సెంటీమీటర్ల దూరంలోనే ఉంటాయి కాబట్టి వాటికి ఈ లెక్క తప్పనిసరి, పిల్లల మీద టెస్ట్ చేస్తుంటే మరీను.

అపోహ: మేం పాప పొజిషన్ మాత్రమే తీసుకుంటున్నాం, ప్రైవసీ సమస్య లేదు

పొజిషన్ మాత్రమే దాచి వీడియో చెరిపేస్తే సరే. కానీ చాలామంది తర్వాత మళ్లీ నడపొచ్చని వీడియో మొత్తం దాచుకుంటారు. ఐఆర్‌లో దగ్గరనుంచి తీసిన కంటి వీడియో అంటే అందులో ఐరిస్ కూడా స్పష్టంగా ఉన్నట్టే, మన దేశంలో అది కోట్ల మందికి గుర్తింపుగా వాడుతున్నది, పాస్‌వర్డ్‌లా మార్చుకోవడం కుదరదు. వీడియో ఉంచుకోవాల్సిందే అయితే ఐరిస్ గీతల్ని బ్లర్ చేసి ఉంచుకోండి, పాప అంచు చెడకుండా ఇది చేయొచ్చు, పాప మాస్క్ (ఏ పిక్సెళ్లు పాపవో చూపించే గుర్తు) మీ దగ్గర ఎలాగూ ఉంటుంది. వీడియో ఎన్నాళ్లు ఉంచుతారో, ఎవరు చూస్తారో ఆ మనిషికి తెలుగులో చెప్పి సంతకం తీసుకోండి, ఇంగ్లిష్ ఫామ్ ముందు పెట్టి కాదు.