వరండాలో టీవీ: ముందు గోడ సంగతి చూడండి

రాత్రి 7:30కి మొదలయ్యే ఐపీఎల్ మ్యాచ్ కోసమే అయితే వరండాలో మామూలు టీవీ చాలు. చెన్నైలో ఏ నెలలోనైనా అప్పటికి చీకటి పడిపోతుంది. చిక్కంతా మధ్యాహ్నం 3:30 మ్యాచ్‌తోనే. అడయారులోనో తిరువాన్మియూరులోనో సొంతిల్లు కట్టుకున్న మనవాళ్లు వరండాకి టీవీ కొనాలని వెళ్తే షాపులో మొదట వినిపించే మాట, “ఎక్కువ బ్రైట్‌నెస్ ఉన్నది తీసుకోండి సార్” అని. అబద్ధమేమీ కాదు. కానీ అసలు సంగతి అది కాదు.

తెర వెలుగుని నిట్‌లలో కొలుస్తారు. ఇళ్లలో వాడే మామూలు టీవీలు చాలావరకు 250 నుంచి 400 నిట్‌ల మధ్య ఉంటాయి. పగటిపూట ఆకాశం వెలుగు వేలల్లో ఉంటుంది, లెక్క కోసం 5,000 అనుకుందాం. నున్నటి గాజు తన మీద పడ్డ వెలుగులో నూటికి నాలుగు వంతులు తిప్పికొడుతుంది. అంటే ఆకాశం ప్రతిబింబం పడ్డ చోట తెర మీద 200 నిట్‌ల తెల్లటి పొర పరుచుకుంటుంది. 300 నిట్‌ల టీవీలో తెలుపు 500 అవుతుంది. నల్లగా ఉండాల్సిన చోటు కూడా 200 అయి కూర్చుంటుంది. చీకటి గదిలో తెలుపుకీ నలుపుకీ వెయ్యి రెట్లు ఉండే తేడా కాస్తా రెండున్నర రెట్లకి పడిపోతుంది. చూసేవాళ్లు “బొమ్మ వెలిసిపోయింది” అనేది దీన్నే. పోయింది వెలుగు కాదు, నలుపు.

ఇప్పుడు బాగా డబ్బు పోసి 1,000 నిట్‌ల టీవీ తెచ్చారనుకోండి. 1,200కి 200, అంటే ఆరు రెట్లు. పరవాలేదు. డబ్బు పెట్టకుండా, అదే 300 నిట్‌ల పాత టీవీకి ఎదురుగా ఆకాశం బదులు నీడలో ఉన్న మామిడిచెట్టో గోడో వచ్చేలా పెడితే? దాని వెలుగు 300 నిట్‌లే అనుకుంటే అందులో తెర తిప్పికొట్టేది 12. తేడా 26 రెట్లు! అందుకే టీవీ కంటే ముందు గోడని ఎంచుకోమంటాను.

దీనికి పరికరాలేవీ అక్కర్లేదు. మ్యాచ్ చూసే వేళకి, మీరు కూర్చునే కుర్చీలోనే కూర్చుని, టీవీ బిగించబోయే ఎత్తులో ఒక అద్దాన్ని గోడకి ఆనించి పట్టుకోమని ఇంట్లో ఎవరికైనా చెప్పండి. అద్దంలో ఆకాశం కనిపిస్తే అక్కడ టీవీ పెట్టి లాభం లేదు. పైభాగం మీ వైపుకి వంగేలా అద్దాన్ని మెల్లగా వాల్చమనండి. ఆకాశం పైకి జారిపోయి వరండా గచ్చో, క్రోటన్ కుండీలో కనిపించే దగ్గర ఆపండి. టీవీని ఆ వాలులోనే బిగించాలి. ఎత్తున పెట్టిన టీవీ పైకి చూసినకొద్దీ చూపు తెర మీద తగిలి ఆకాశంలోకే పోతుంది కాబట్టి, ఎంత కిందికి పెడితే అంత మంచిది కూడా.

ఇక దిక్కు. పడమర వైపు చూసే తెర సాయంత్రపు ఎండకి ఎదురు నిలబడుతుంది, దాని సంగతి చెప్పక్కర్లేదు. ఉత్తరానికి తిప్పితే ఎండే తగలదని అమెరికా వాళ్ల సలహాల్లో ఉంటుంది. అది వాళ్ల అక్షాంశానికి సరిపోవచ్చు గానీ మనం ఉన్నది 13 డిగ్రీల దగ్గర. ఏప్రిల్ 24 ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. అక్కణ్నుంచి ఆగస్టు 18 దాకా మధ్యాహ్నప్పూట మనకి ఉత్తరం పక్కనే ఉంటాడు. జూన్ నెలాఖరులో పడమరకి దాదాపు 24 డిగ్రీలు ఉత్తరంగా అస్తమిస్తాడు. అంటే సరిగ్గా కర్తరి ఎండల్లో ఉత్తరపు గోడకి సాయంత్రం ఏటవాలు ఎండ తప్పదు.

నేరుగా పడే ఎండ చదరపు మీటరుకి దాదాపు 1,000 వాట్లు. 55 అంగుళాల తెర వైశాల్యం 0.8 చదరపు మీటరు పైచిలుకు. సాయంత్రం ఎండ అందులో సగమే అనుకున్నా, టీవీ తినే కరెంటుకి మూడు నాలుగు రెట్ల వేడి ఆ నల్లటి తెరలోకి ఎక్కుతుంది. మామూలు టీవీలకి 40 డిగ్రీల దాకానే అని మాన్యువల్‌లో రాసి ఉంటుంది. 2003 మే 31న నుంగంబాక్కంలో నీడలోనే 45 డిగ్రీలు నమోదైంది. తెర మరీ వేడెక్కితే మధ్యలో నల్లటి మచ్చలు లేస్తాయి. 1888లో ప్రాగ్‌లో రైనిట్జర్ అనే వృక్షశాస్త్రవేత్త ఒక పదార్థాన్ని వేడిచేస్తే అది ముందు మబ్బుగా కరిగి, ఇంకా వేడి చేస్తే తేటపడింది. ద్రవస్ఫటికాల కథ అక్కడ మొదలైంది. మన ఎల్ఈడీ టీవీల తెరలో ఉండేదీ ద్రవస్ఫటికమే, అది కూడా అలాగే తేటపడిపోయి, వెలుగుని మలిచే గుణం పోగొట్టుకున్న చోటే ఆ మచ్చ. చల్లబడితే మచ్చ పోతుంది గానీ, పై పొరలకి జరిగిన నష్టం అలాగే ఉండిపోవచ్చు. ఓఎల్ఈడీ (తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలిగే రకం) టీవీకి వేడీ, అతినీలలోహిత కిరణాలూ రెండూ పడవు. వరండాకి ఆ పేరే ఎత్తొద్దు.

తూర్పు వరండా అయితే సాయంత్రం హాయిగా నీడ. కానీ చెన్నైలో తూర్పంటే సముద్రం. మధ్యాహ్నం దాటాక వీచే ఆ గాలి కోసమేగా వరండా కట్టుకున్నది! దాంతోపాటే ఉప్పూ వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీళ్లు పీల్చుకుని ద్రావణం అయిపోతుంది. వానాకాలంలో ఉప్పు డబ్బా చెమ్మగిల్లేది ఇందుకే. సముద్రపు ఉప్పులో మెగ్నీషియం క్లోరైడ్ కూడా ఉండటంతో అది ఇంకా తక్కువ తేమకే చెమ్మగిల్లుతుంది. చెన్నైలో చాలా రాత్రులు తేమ 75 దాటే ఉంటుంది. వెంట్ల (టీవీ వెనక గాలాడే కన్నాల) లోంచి దూరిన ఉప్పు సర్క్యూట్ బోర్డు మీద తడిసి, దానికి కరెంటు తోడైతే, పక్కపక్కనున్న రెండు రాగి గీతల మధ్య లోహం సన్నటి కొమ్మలుగా పెరిగి షార్ట్ అవుతుంది. చినుకు కూడా తగలని టీవీలు బీచి దగ్గరి ఇళ్లలో పోవడానికి ఇదొక కారణం.

బయట పెట్టడానికే చేసిన టీవీలు లేకపోలేదు. సామ్‌సంగ్ 2020లో తెచ్చిన ‘ది టెరస్’ ఐపీ55 రకం (ఈ ఐపీకి క్రికెట్‌తో సంబంధం లేదు). దుమ్ము, నీళ్లు లోపలికి పోకుండా ఎంత కాపుదల ఉందో ఈ అంకెలు చెబుతాయి. మొదటి అంకె దుమ్ముకి, రెండోది నీళ్లకి. 5 అంటే గొట్టంతో చిమ్మినా లోపల పాడవదని. కానీ ఆ పరీక్ష మంచినీళ్లతోనే. ఉప్పు తుప్పు గురించి ఆ అంకెలు ఏమీ చెప్పవు. సముద్రానికి దగ్గర్లో ఉంటే దాన్ని విడిగా అడగాలి.

నన్నడిగితే, సముద్రానికి రెండు మూడు వీధుల్లోపు ఇల్లయితే గోడకి బిగించడమే దండగ. చక్రాల స్టాండు మీద మామూలు ఎల్ఈడీ టీవీ పెట్టుకుని, సాయంత్రం బయటికి తోసుకుని, మ్యాచ్ అయ్యాక లోపలికి తెచ్చుకోవడమే మేలు. ప్లాస్టిక్ ముసుగు వేసి బయట వదిలేస్తే తేమని లోపల కట్టేసినట్టే. ఏసీ గదిలోంచి తెచ్చిన టీవీని వెంటనే ఆన్ చేయకూడదు. ఏసీ కారు దిగగానే కళ్లద్దాలు మసకబారినట్టే, లోపలి బోర్డు మీద కూడా తడి చేరుతుంది. అరగంట ఆగాలి. వరండాలో ప్లగ్ పాయింటుకి ఎర్తు, 30 మిల్లీ యాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించుకోండి. వాన వెలిసిన రాత్రి వెలుగుతున్న తెర మీదికి ఉసిళ్లు వస్తాయి, వాటి వెనకే బల్లులు. వెచ్చగా ఉందని అవి వెంట్‌లోకి దూరకుండా వెనకవైపు గాలి ఆడే సన్నటి జాలీ కట్టించుకోవచ్చు.