గుండీ పట్టని చెయ్యి

చిన్నూ, బుజ్జీ,

మొన్న ఫోన్లో మీరిద్దరూ అడిగిన ప్రశ్నలకు సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. "తాతయ్యను విసిగించకండి" అంటూ మీ అమ్మ ఫోన్ లాక్కుంది. ఇక్కడ నన్ను ఆపేవాళ్ళు లేరు కాబట్టి తీరిగ్గా రాస్తున్నాను. చిన్నూ ప్రశ్న: "ఆ మెషీన్లో పడుకోబెట్టి ఏం చూశారు?" బుజ్జి ప్రశ్న: "జబ్బు తలలో వస్తే ఊపిరితిత్తులు పాడై జ్వరం ఎందుకొచ్చింది?" ఈ రెండోది ఆసుపత్రిలో ఉన్నన్నాళ్ళూ నాకు తట్టనే లేదు. అది నిజంగా గట్టి ప్రశ్న.

ముందు ఆ రోజు ఏం జరిగిందో చెబుతాను. పొద్దున ఆరింటికి లేచి చొక్కా తొడుక్కున్నాను. పై గుండీ ఎడమచేతి వేళ్ళ మధ్య నుంచి జారిపోతోంది. పట్టుకున్నాననుకుంటాను, చూస్తే వేళ్ళలో ఏమీ ఉండదు. రాత్రి చెయ్యి మీద పడుకుని ఉంటాను, తిమ్మిరి పట్టిందిలే అనుకుని మంచం అంచున కూర్చుని పావుగంట సేపు చెయ్యి విదిలించాను. నా జన్మలో అంత తెలివితక్కువ పావుగంట ఇంకోటి లేదు. అమ్మమ్మ వచ్చి నా ముఖంలోకి చూసి, "ఏమండీ, ఒకసారి నవ్వండి" అంది. నవ్వాను. ఎడమవైపు పెదవి కదల్లేదట. రెండు చేతులూ ముందుకు చాపమంది. ఎడమది నాకు తెలియకుండానే కిందికి దిగిపోయింది. "ఏం కాలేదులే" అనబోతే మాట ముద్దగా వచ్చింది. ఆమె ఇంకేమీ అడగలేదు, అంబులెన్సుకు ఫోన్ చేసేసింది. ముఖం, చెయ్యి, మాట. ఈ మూడింట్లో ఏది హఠాత్తుగా తేడా వచ్చినా చెయ్యాల్సిన పని అదొక్కటే. మీరు కూడా చెయ్యగలరు, పెద్దవాళ్ళు "కాసేపు చూద్దాం" అన్నా సరే.

నాకు వచ్చింది స్ట్రోక్. పక్షవాతం అంటామే, అది. వందమందిలో ఎనభై ఐదుగురి దాకా మెదడుకు రక్తం తీసుకెళ్ళే నాళంలో నెత్తురు గడ్డ అడ్డుపడి వస్తుంది. మిగతావాళ్ళలో నాళం చిట్లి రక్తం కారుతుంది. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి, వైద్యం మాత్రం ఒకదానికొకటి పూర్తిగా వ్యతిరేకం. గడ్డను కరిగించే మందును రక్తం కారుతున్న మెదడుకు ఇస్తే ఏమవుతుందో చెప్పక్కర్లేదు కదా. అందుకే ముందు లోపలికి చూడాలి.

పుర్రె లోపలికి చూడటం ఎంత కష్టమైందో వినండి. ఎక్స్‌రేని రంట్‌జెన్ 1895లోనే కనిపెట్టాడు. అందులో ఎముక బాగా కనిపిస్తుంది, ఎముక వెనక దాక్కున్న మెత్తని మెదడు కనిపించదు. గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండ్ ఇంజనీరుకు ఒక ఆలోచన వచ్చింది. ఒకే వస్తువును చుట్టూ తిరిగి వందల కోణాల నుంచి కొలిస్తే, ఆ అంకెలన్నిటినీ కంప్యూటర్ కలిపి లోపలి బొమ్మ తయారు చేయగలదు కదా అని. ఆయన మొదట ప్రయోగశాలలో చేసిన స్కాన్ పూర్తవడానికి 9 రోజులు పట్టింది! 1971 అక్టోబర్ 1న లండన్‌లో మొదటిసారి ఒక రోగి తలను స్కాన్ చేశారు. అదే సీటీ. నన్ను మొదట పెట్టింది ఆ మెషీన్లోనే. తాజా రక్తం అందులో తెల్లగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నా తలలో ఆ తెలుపు లేదు. అంటే గడ్డ అన్నమాట.

ఇక్కడే అసలు చిక్కు వచ్చింది. డాక్టరమ్మ నన్ను పదే పదే ఒకటే అడిగింది: "చివరిసారి మీరు మామూలుగా ఉన్నది ఎన్నింటికి?" రాత్రి పదింటికి దీపం ఆర్పి పడుకున్నాను. లేచింది ఆరింటికి. మధ్యలో ఎప్పుడు అడ్డుపడిందో ఎవరికి తెలుసు? పదింటికే కావచ్చు, ఆరుకు ఐదు నిమిషాల ముందు కావచ్చు. పాత నియమం ప్రకారం లెక్క పదింటి నుంచే మొదలుపెట్టాలి.

గంటలతో ఇంత పట్టింపు ఎందుకంటారా? మన బరువులో మెదడు 2 శాతమే, కానీ ఒంట్లోకి వచ్చే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం అదే వాడేసుకుంటుంది. పైగా రేపటికని ఏమీ దాచుకోదు. పెద్ద నాళం మూసుకుపోతే నిమిషానికి సుమారు 19 లక్షల నాడీకణాలు చనిపోతాయని 2006లో జెఫ్రీ సేవర్ అనే అమెరికా డాక్టరు లెక్కగట్టాడు. నాకు మూసుకుపోయింది అంత పెద్ద నాళం కాదు, కాబట్టి నా పావుగంటను ఆ అంకెతో గుణించకండి. నేను ఒకసారి గుణించి, ఆ రాత్రంతా నిద్రపోలేదు.

అయితే కణాలన్నీ ఒకేసారి చావవు. రక్తం దాదాపు పూర్తిగా ఆగిపోయిన చోట ఉన్నవి త్వరగా పోతాయి. చుట్టూ ఉన్నవి పక్క నాళాల నుంచి వచ్చే కొద్దిపాటి రక్తంతో ఊపిరి బిగబట్టుకుని ఉంటాయి. పని చెయ్యవు, కానీ చావలేదు. ఈ భాగాన్ని పెనంబ్రా అంటారు. గ్రహణంలో చిక్కటి నీడ చుట్టూ ఉండే పలచటి నీడకూ అదే పేరు. వైద్యులు కాపాడాలని పరుగులు పెట్టేది ఆ పలచటి నీడ కోసమే.

గడ్డను కరిగించే మందు ఆల్టిప్లేజ్. మన రక్తనాళాల గోడలు సహజంగా తయారుచేసుకునే పదార్థానికే అది కృత్రిమ రూపం. స్ట్రోక్ మొదలైన 3 గంటల్లోపు ఇస్తే పనిచేస్తుందని 1995లో 624 మంది రోగుల మీద జరిగిన పరిశోధన తేల్చింది. 2008లో ఆ గడువు నాలుగున్నర గంటలైంది. నా కాగితాల మీద ఎనిమిది గంటలు దాటింది. కొన్నేళ్ళ ముందైతే "అయ్యో, ఆలస్యమైంది" అనేసి పక్కన పడుకోబెట్టేవాళ్ళు.

చిన్నూ, నీ ప్రశ్నకు జవాబు ఇక్కడుంది. నన్ను రెండోసారి పెట్టింది ఎంఆర్ఐలో. దాని చప్పుడు గురించి చెప్పాలంటే, తలకు రేకు డబ్బా బోర్లించి బయట నుంచి ఎవరో తీరుబడిగా సుత్తితో కొడుతున్నట్టు ఉంటుంది. ఒకే పాట కూడా కాదు, తాళం మారుతూ ఉంటుంది. ఆ మెషీన్ ఎక్స్‌రే వాడదు. పెద్ద అయస్కాంతంతో, రేడియో తరంగాలతో ఒంట్లో ఉన్న నీటిని పలకరిస్తుంది. నీటి అణువులు ఊరికే ఉండవు, అటూ ఇటూ కదులుతూనే ఉంటాయి. రక్తం ఆగగానే కణాల్లో ఉప్పును బయటికి తోసే పంపులు ఆగిపోతాయి, బయటి నీరు కణాల్లోకి చొరబడుతుంది, అవి ఉబ్బుతాయి. ఖాళీ మైదానంలో తిరిగేవాళ్ళందరినీ కిక్కిరిసిన గదిలోకి తోసినట్టు, నీటికి కదలడానికి చోటుండదు. డిఫ్యూజన్ అనే ఒక రకం బొమ్మలో ఆ చోటు తెల్లగా మెరుస్తుంది. ఇది నిమిషాల్లోనే కనిపిస్తుంది. ఫ్లెయిర్ అనే ఇంకో రకం బొమ్మలో అదే చోటు తెల్లబడాలంటే కొన్ని గంటలు పడుతుంది. కాబట్టి మొదటి బొమ్మలో కనిపించి రెండో దాంట్లో ఇంకా కనిపించలేదంటే, జరిగి నాలుగున్నర గంటలు అయి ఉండకపోవచ్చు!

ఎంత తెలివైన ఉపాయమో చూడండి. గోడ మీది గడియారం చెప్పలేని మాటను దెబ్బతిన్న మెదడు చేతే చెప్పించారు. ఈ పద్ధతిని నిద్రలో స్ట్రోక్ వచ్చినవాళ్ళ మీద, మొదలైన సమయం తెలియని ఇంకొందరి మీద యూరప్‌లో పరీక్షించారు. హాంబర్గ్ నుంచి గెట్స్ తొమాల్లా బృందం నడిపిన ఆ పరిశోధన 2018లో వెలువడింది. 503 మంది పాల్గొన్నారు. మూడు నెలల తర్వాత ఇంచుమించు మామూలుగా తిరుగుతున్నవాళ్ళు మందు తీసుకున్నవారిలో 53 శాతం, తీసుకోనివారిలో 42 శాతం. మెదడులో రక్తస్రావం కూడా మందు తీసుకున్నవాళ్ళలో కాస్త ఎక్కువే. డాక్టరమ్మ ఆ రెండు మాటలూ దాచకుండా చెప్పి సంతకం అడిగింది. నా రెండు బొమ్మలూ పక్కపక్కన పెట్టి చూపించింది కూడా. ఒకదాంట్లో కుడివైపు మినపగింజంత తెల్లటి చుక్క, రెండో దాంట్లో అదే చోట ఏమీ లేదు. ఏమీ లేకపోవడాన్ని చూసి అంత సంతోషించడం నాకు అదే మొదటిసారి. మందు పదో వంతు ఒక్కసారిగా నరంలోకి ఎక్కించి, మిగతాది గంటసేపు ఎక్కించారు.

పెద్ద నాళం మూసుకుంటే మందు చాలదు. తొడ దగ్గరి నాళంలోంచి సన్నని గొట్టాన్ని మెదడు దాకా పంపి గడ్డనే బయటికి లాగేస్తారు. 2015లో వరసగా ఐదు పరిశోధనలు ఇది పనిచేస్తుందని చెప్పాయి. స్కాన్‌లో బతికున్న భాగం కనిపిస్తే 24 గంటల దాకా కూడా లాగొచ్చని 2018 నాటికి తేలింది.

ఇక బుజ్జి ప్రశ్న. మూడో రోజు నాకు జ్వరం, దగ్గు. న్యుమోనియా, అంటే ఊపిరితిత్తుల్లో ఇన్‌ఫెక్షన్ అన్నారు. స్ట్రోక్ తర్వాత ఇది చాలామందికి వస్తుంది. ఒక కారణం తేలికగా అర్థమవుతుంది. గొంతు కండరాలు బలహీనపడి, మింగింది దారితప్పి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందుకే నర్సు నాకు ముందు ఒక చెంచాడు నీళ్ళు మాత్రమే ఇచ్చి, గొంతు మీద వేలు పెట్టి మింగడం చూసింది. కానీ రెండో కారణం వింత. బెర్లిన్‌లో 2003లో ఎలుకల మీద చూశారు. మెదడుకు దెబ్బ తగలగానే ఒంట్లోని రోగనిరోధక కణాలు చాలావరకు చనిపోతున్నాయి, ఎలుకలకు న్యుమోనియా వస్తోంది. దానికి కారణం మెదడు నరాల ద్వారా పంపే ఒత్తిడి సంకేతాలు. గుండె దడకు వాడే ప్రోప్రనొలాల్ అనే మామూలు మాత్రతో ఆ సంకేతాలను అడ్డుకుంటే ఎలుకలకు ఆ జబ్బు రాలేదు. అంటే సైన్యం ఓడిపోలేదు, పైనుంచే ఆయుధాలు దించమని ఆజ్ఞ వచ్చింది! దెబ్బతిన్న మెదడు మీద సొంత సైన్యమే పడకుండా ఒళ్ళు చేసుకున్న ఏర్పాటేమోనని కొందరి ఊహ. అయితే ముందే యాంటీబయాటిక్స్ ఇచ్చేస్తే సరిపోతుందిగా అంటావేమో. నెదర్లాండ్స్‌లో రెండున్నర వేల మంది మీద అదీ చేసి చూశారు. 2015లో ఫలితం వచ్చింది: కోలుకోవడంలో తేడా లేదు.

మెదడుకూ రోగనిరోధక వ్యవస్థకూ సంబంధమే లేదని చాలాకాలం నమ్మారు. తలుపులన్నీ మూసిన గది లాంటిది మెదడు అనేవారు. ఒక్కొక్క తలుపూ ఇప్పుడు బయటపడుతోంది. నాకు బాగా నచ్చిన తలుపు 2018లో బోస్టన్‌లో దొరికింది. ఎముకల మూలుగలోనే తెల్లకణాలు పుడతాయని మీరు చదివే ఉంటారు. ఆ శాస్త్రవేత్తలు ఎలుక పుర్రె మూలుగలోని కణాలకు ఒక రంగు, కాలి ఎముకలోని కణాలకు ఇంకో రంగు పూశారు. స్ట్రోక్ తెప్పించిన కొన్ని గంటలకు మెదడులోకి చూస్తే, కాలి నుంచి వచ్చినవాటి కన్నా పుర్రె నుంచి వచ్చినవే ఎక్కువ. ఎలా వచ్చాయా అని వెతికితే, పుర్రె లోపలి గోడకు మెదడు పొరల్లోకి తెరుచుకునే సన్నని సొరంగాలు ఉన్నాయి. మనిషి పుర్రె ముక్కల్లో చూస్తే అక్కడా ఉన్నాయి, ఇంకా వెడల్పుగా. మీ నుదుటి మీద ఒకసారి వేలు పెట్టి చూసుకోండి. వందల ఏళ్ళుగా వైద్యులు కోసి, గీసి, బొమ్మలు వేసిన ఎముక అది. అయినా ఆ సొరంగాల సంగతి నిన్న మొన్నటిదాకా తెలియలేదు.

వచ్చిన కణాలన్నీ మేలే చేస్తాయా? చేయవు. కొన్ని చెత్త ఎత్తివేస్తాయి, కొన్ని మంట పెంచి బతికున్న భాగాన్నీ పాడుచేస్తాయి. వీటికి కళ్ళెం వేసే కణాలు వేరే ఉన్నాయి, నియంత్రక టి కణాలు. 2025 వైద్య నోబెల్ వీటికే వచ్చింది. జపాన్‌కు చెందిన షిమోన్ సకగుచి 1995లో ఈ కణాలను గుర్తించారు. ఇలాంటి కణాలు ఉన్నాయంటే అప్పట్లో చాలామంది నమ్మలేదు. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అమెరికాలో పొలుసుల చర్మంతో పుట్టి కొన్ని వారాలకే చనిపోయే ఒక ఎలుక జాతి మీద పనిచేశారు. తప్పు ఎక్కడుందో వెతుకుతూ 20 అనుమానపు జన్యువుల దాకా వచ్చి, ఒక్కొక్కటీ పరీక్షిస్తే, తప్పు దొరికింది ఇరవయ్యో దాంట్లో! దానికి ఫాక్స్‌పీ3 అని పేరు పెట్టారు. 2001లో ప్రకటించారు. సకగుచి కనిపెట్టిన కణాలను నడిపించేది ఆ జన్యువేనని తర్వాత తేలింది. నోబెల్ ప్రకటించిన రోజు రామ్స్‌డెల్ ఫోన్ అందకుండా కొండల్లో నడకకు వెళ్ళారు. సిగ్నల్ అందాక మెసేజ్‌లు చూసి భార్య కేకపెడితే, ఎలుగుబంటి వచ్చిందేమో అనుకున్నారట.

ఈ కణాలకూ నా చేతికీ సంబంధం ఉండొచ్చు. స్ట్రోక్ వచ్చిన రెండు వారాల తర్వాత ఎలుకల మెదడులోకి అవి గుంపుగా చేరతాయనీ, అవి లేకపోతే కోలుకోవడం మందగిస్తుందనీ టోక్యో శాస్త్రవేత్తలు 2019లో చూపించారు. 'ఉండొచ్చు' అని ఎందుకన్నానంటే, స్ట్రోక్ విషయంలో ఎలుకలు మనల్ని చాలాసార్లు మోసం చేశాయి. మెదడును కాపాడతాయని ప్రయోగాలు చేసిన వైద్యాలు 2006 నాటికే 1,026 అని ఒక బృందం లెక్కపెట్టింది. ఎలుకల్లో బాగా పనిచేసినవి చాలానే. మనుషుల దగ్గరికి వచ్చేసరికి దాదాపు అన్నీ చేతులెత్తేశాయి. రేపు ఎవరైనా పేపర్లో 'పక్షవాతానికి మందు దొరికింది' అని చదివి వినిపిస్తే, "ఎలుకకా, మనిషికా?" అని అడగండి.

రాత మధ్యలో అక్కడక్కడా వరస వంకర పోయింది చూశారా? ఎడమచేత్తో కాగితాన్ని అదిమిపెట్టి రాస్తున్నాను, మరిచిపోయినప్పుడల్లా జారుతోంది. ఫిజియోథెరపీ అమ్మాయి గుడ్డపేలికకు ఆరు గుండీలు కుట్టి ఇచ్చింది, రోజుకు ఇరవైసార్లు పెట్టి తీయాలి. చొక్కాకు నాలుగు గుండీలు నేనే పెట్టుకుంటున్నాను. మెడ దగ్గరిది మాత్రం ఇంకా లొంగలేదు, అమ్మమ్మే పెడుతోంది. పెట్టాక రోజూ నా ముఖంలోకి చూసి, "ఏదీ, ఒకసారి నవ్వండి" అంటోంది.

మీ
తాతయ్య