617 దగ్గర దొరికిపోయిన పిన్‌కోడ్

విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం పిన్‌కోడ్ 530003. చూడ్డానికి అచ్చం ప్రధాన సంఖ్యలా ఉంటుంది. 2, 3, 5, 7 అంటూ ప్రధాన సంఖ్యలతో వరసగా భాగించి చూడండి. 112 సార్లు శేషం మిగులుతుంది. 113వది 617, అక్కడ గుట్టు బయటపడుతుంది: 617 × 859. వర్గమూలం 728 దాటి వెతకక్కర్లేదు కాబట్టి మిగిలినవి ఇంకో 16 భాగహారాలే. అంతవరకూ మోసం చేసిందన్నమాట!

ఆరంకెలకే ఇంత తంటా అయితే, 2024 అక్టోబరులో ప్రధాన సంఖ్యగా తేలిన 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1 మాటేమిటి? దానికి 4,10,24,320 అంకెలు. అంకెకు 2 మిల్లీమీటర్ల చొప్పున పట్టాల వెంట రాసుకుంటూ పోతే 82 కిలోమీటర్లు. విశాఖ స్టేషన్‌లో మొదలుపెడితే విజయనగరం దాటినా ముగియదు. ఒక్కొక్క సంఖ్యతో భాగించి తేల్చడం జరిగే పని కాదు.

అదృష్టవశాత్తూ ఇది మెర్సెన్ సంఖ్య, అంటే 2ᵖ − 1 రూపంలో ఉన్నది. p ప్రధాన సంఖ్య కావాలి, అయినా అదొక్కటే చాలదు: 2¹¹ − 1 = 2047 = 23 × 89. ఈ రకానికి లూకస్-లెహ్మర్ పరీక్ష ఉంది. 4తో మొదలుపెట్టాలి. వర్గం చేసి 2 తీసేసి, 2ᵖ − 1తో భాగిస్తే వచ్చే శేషం ఉంచుకోవాలి. ఇలా p − 2 సార్లు చేశాక సున్నా వస్తే ప్రధాన సంఖ్య, రాకపోతే కాదు.

127 (p = 7) తీసుకుందాం. 4 తర్వాత 14, ఆపైన 194. ఇక్కడ భాగహారమూ అక్కర్లేదు, 128ని 127తో భాగిస్తే శేషం 1 కాబట్టి ఒక్కో 128కి 1 లెక్కేస్తే చాలు: 194లో ఒక 128, పైన 66; 1 + 66 = 67. తర్వాత 67² − 2 = 4487, అంటే 35 సార్లు 128, పైన 7; మొత్తం 42. అదే తీరున 111. చివరిది 12319: 96 + 31 = 127. కొత్తవాళ్లు తడబడేది ఇక్కడే, సున్నా రాలేదనుకుంటారు. 127తో భాగిస్తే 127కి శేషం సున్నాయే. కంప్యూటర్‌లో 2ᵖతో భాగించడమంటే బిట్లను (0, 1 అంకెలను) రెండుగా విడదీయడమే కాబట్టి ఈ కిటుకు భలే పనికొస్తుంది.

పెద్ద సంఖ్యకు ఈ మెట్లు 13,62,79,839. కోట్ల అంకెల వర్గాలను ఫోరియర్ పద్ధతిలో (పెద్ద గుణకారాలను త్వరగా చేసే దారి), దశాంశాలతో గుణించి, దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తారు. ఆ సవరణలో తేడా 0.5కి చేరువైతే తప్పు పూర్ణాంకం పడొచ్చు. మెమరీలో ఒక్క బిట్ తిరగబడినా అంతే, అక్కణ్ణుంచి మెట్లన్నీ చెత్తే. చిక్కేమిటంటే, తప్పు లెక్క చివర వచ్చే శేషం కూడా మామూలు శేషంలాగే ఉంటుంది, చూసి పోల్చలేం. అందుకే సున్నా రానప్పుడు కూడా శేషంలోని చివరి 64 బిట్లు దాచి, మరో యంత్రంలో వచ్చిన వాటితో సరిపోలుస్తారు.

ఈ సంఖ్యను మొదట డబ్లిన్‌లోని ఒక గ్రాఫిక్స్ ప్రాసెసర్, కచ్చితంగా తేల్చని వేరే పరీక్ష చేసి, ‘బహుశా ప్రధానం’ అంది. ఆ ‘బహుశా’ను తీసేసింది మర్నాడు, అక్టోబరు 12న, టెక్సస్‌లోని శాన్ ఆంటోనియోలో వేరే ప్రాసెసర్ పూర్తిచేసిన లూకస్-లెహ్మర్ పరీక్ష.