అమ్మానాన్నల పీఆర్ క్యూ ఇంత పొడుగు ఎట్లయింది: ఆస్ట్రేలియా పేరెంట్ వీసా వెనక కథ

పాలమూరు దిక్కు, మా నల్గొండ దిక్కు వలస అంటే ఒకప్పుడు నడీడు వాళ్ళు పోవుడు, ముసలోళ్ళు మనవళ్ళను పట్టుకొని ఊర్లె ఉండుడు. డ్యాముల పనికి, బిల్డింగుల పనికి బొంబాయి దాక పోయేటోళ్ళు, మళ్ళ వానలు పడంగనే ఇంటికొచ్చేటోళ్ళు. ఇప్పుడు పోయినోళ్ళు అక్కడ్నే ఇల్లు కొనుక్కొని సిటిజన్‌షిప్ తీసుకుంటున్నరు, పిల్లలు అక్కడ్నే పుడుతున్నరు, ఇక్కడ ఇద్దరు పెద్దోళ్ళు ఫోన్ ముంగట కూసుంటున్నరు. మా ఇంట్ల కూడ ఇదే, అన్న మెల్‌బోర్న్‌ల, అమ్మానాన్న నా కాడ నల్గొండల. మా పెద్దోళ్ళ పీఆర్, అంటే అక్కడ్నే శాశ్వతంగ ఉండే వీసా, ఫైలు 2018ల వేసినం, ఇంకా క్యూలనే ఉంది. "గంత టైం ఎందుకు పడుతది, ఏదన్న తప్పు చేసిన్రా" అని ప్రతి పండుగకు ఎవరో ఒకరు అడుగుతరు. తప్పేం లేదు. ఆ క్యూ కథే అట్లుంది, అది మొదటి నుంచి చెప్తే గాని అర్థం కాదు.

1901 నుంచి ఆస్ట్రేలియాల తెల్లోళ్ళకే చోటు అన్న చట్టం నడిచింది, దాని ఆఖరి ముక్కలు 1973ల పోయినయి. ఆ తర్వాతనే మనసొంటోళ్ళు పోవుడు నిజంగ మొదలైంది. పోయినోళ్ళు తల్లిదండ్రులను పిలిపించుకునుడు పెరిగినంక, 1980ల చివర్ల ప్రభుత్వం ఒక లెక్క పెట్టింది, దాన్ని బ్యాలెన్స్ ఆఫ్ ఫ్యామిలీ టెస్ట్ అంటరు. సగం మంది పిల్లలన్న ఆస్ట్రేలియాల స్థిరపడి ఉండాలె, లేకుంటే వేరే ఏ ఒక్క దేశంల ఉన్నోళ్ళకన్న ఆస్ట్రేలియాల ఉన్నోళ్ళు ఎక్కువ ఉండాలె. మేం ఇద్దరం, ఒకరు అక్కడ ఒకరు ఇక్కడ, సగం కాబట్టి పాసైనం. మా మేనత్తకు ముగ్గురు, ఒకరు సిడ్నీ, ఒకరు డాలస్, ఒకరు హైదరాబాద్. మూడు దేశాలల్ల ఒక్కొక్కరు, సగం కాదు, ఎక్కువా కాదు, అంటే ఫెయిలే. ఈ టెస్టుకు మినహాయింపు కూడ లేదు, మా పరిస్థితి ఇట్ల అని ఎంత రాసినా వినరు.

ఈ టెస్ట్ కాడ మనోళ్ళు ఎక్కువ దెబ్బ తింటరు, అందుకే జర ఆగి చెప్తున్న. ఆడపిల్ల పెళ్ళైపోయింది, అత్తగారింట్ల ఉంది, అమ్మానాన్నలను చూసుకునేది కొడుకే కదా అని ఇంట్ల మనం అనుకుంటం. వాళ్ళకు అది సంబంధం లేదు, దేవరకొండల ఉన్న బిడ్డ కూడ ఒక బిడ్డే, లెక్కల ఉంటది. ఇద్దరు బిడ్డల పెళ్ళిళ్ళు ఇక్కడ్నే చేసి ఒక్క కొడుకును ఆస్ట్రేలియా పంపిన ఇల్లు ఈ టెస్ట్ ఎన్నటికీ పాస్ కాదు, ఆ కొడుకు ఒక్కడే నెలనెలా పైసలు పంపి సాకుతున్నా సరే. కుటుంబం బరువు ఏ దేశం దిక్కు ఉందో చూస్తం అన్నది వాళ్ళ ఆలోచన. ముసలితనంల అన్నం పెట్టేది ఎవరు అన్న ప్రశ్న అందుల లేనే లేదు, నాకు దీని మీద చానా బాధ ఉంది.

1990ల చివర్ల జాన్ హోవార్డ్ ప్రభుత్వం పెద్దోళ్ళు వస్తే దవాఖాన, పెన్షన్ ఖర్చు ప్రభుత్వం మీద పడుతది, వాళ్ళ దగ్గర్నే ఎక్కువ పైసలు కట్టించుకుందాం అన్నది. సెనేట్, అంటే వాళ్ళ పార్లమెంట్ల పెద్దల సభ, ఒప్పుకోలే. అట్లైతే అని ప్రభుత్వం సీట్లకే కోత పెట్టింది, ఏడాదికి కొన్ని వందలకు పడిపోయినయి, దరఖాస్తులు మాత్రం వస్తనే ఉన్నయి. ఇప్పుడు మనం నిలవడ్డ క్యూ అప్పుడు గట్టిపడ్డదే.

2003 జూన్‌ల రెండు పక్షాలు రాజీకి వచ్చి కంట్రిబ్యూటరీ పేరెంట్ అని కొత్త వీసా తెచ్చిన్రు, దాని నంబరే 143. అప్పటి సంది రెండు క్యూలు అయినయి, తక్కువ ఫీజుది 103, ఎక్కువ ఫీజుది 143. 143కు దరఖాస్తు అప్పుడు కొంత కట్టాలె, వీసా వచ్చే ముందట రెండో విడత ఒక్కొక్కరికి 43,600 ఆస్ట్రేలియా డాలర్లు. ఇద్దరికి 87,200, డాలర్‌కు 55 రూపాయలు వేసుకున్నా 48 లక్షల దాక. నల్గొండ జిల్లాల ఎకరం రెండెకరాలు అమ్మి పిల్లగాన్ని చదువుకు పంపినోళ్ళు ఎంత మంది లేరు, మళ్ళ అదే పిల్లగాడు అమ్మానాన్నల కోసం అక్కడ లోన్ తీసుకోవాలె. ఒక్కసారి అంత కట్టలేనోళ్ళకు 173 అని రెండేళ్ళ వీసా ఉంది, కొంత కట్టి పోయి, మిగిలింది కట్టి 143కు మారొచ్చు. ఇది గాక అష్యూరెన్స్ ఆఫ్ సపోర్ట్, అంటే ఈ పెద్దోళ్ళు పదేళ్ళు ప్రభుత్వ సాయం మీద పడకుండ నేను చూస్కుంట అని అక్కడోళ్ళు పూచీ రాసి బ్యాంకుల డిపాజిట్ పెట్టాలె.

మొదట్ల 143 రెండు మూడేళ్ళల్ల వచ్చేది. పైసలు కడితే తొందరగ అయితది అన్న మాట మన దగ్గర ఇంకా తిరుగుతనే ఉంది, అది అప్పటి ముచ్చట, ఇప్పుడు నిజం కాదు.

2014 జూన్ 2 మనకు ఎట్ల మర్చిపోని రోజో చెప్పనక్కర్లేదు, తెలంగాణ వచ్చిన రోజు. సరిగ్గ అదే రోజు ఆస్ట్రేలియా 103 లాంటి తక్కువ ఫీజు వీసాలకు కొత్త దరఖాస్తులు బంద్ పెట్టింది. సెప్టెంబర్‌ల సెనేట్ ఆ నిబంధనను కొట్టేస్తే మళ్ళ తెరిచిన్రు. తెరిచిన్రు గాని సీట్లు పెరగలే, అంటే తలుపు తీసిండ్రు లోపల కుర్చీలు లేవు. 2016ల ప్రొడక్టివిటీ కమిషన్, అంటే ఆ ప్రభుత్వానికి ఆర్థిక సలహాలిచ్చే సంస్థ, ఒక్కో పేరెంట్ మీద జీవితాంతం 3,35,000 నుంచి 4,10,000 డాలర్ల దాక ప్రభుత్వానికి ఖర్చు అని లెక్క తీసి, ఫీజు ఇంకా చానా పెంచాలె అని సిఫార్సు చేసింది. ఆ లెక్కల అమ్మమ్మలు పిల్లలను చూసుకుంటే కోడళ్ళు, బిడ్డలు డ్యూటీకి పోగలుగుతున్నరు అన్నదానికి ఎంత విలువ కట్టాలె అన్నది అక్కడ ఇప్పటికీ వాదన నడుస్తనే ఉంది. నా లెక్కల అయితే దాని విలువ చానా ఎక్కువ, మా అమ్మ ఆరు నెలలు విజిట్ మీద పోయినప్పుడే మా వదిన మళ్ళ ఉద్యోగంల చేరింది.

2016 ఎలక్షన్లప్పుడు ఐదేళ్ళ తాత్కాలిక వీసా ఇస్తం అని హామీ ఇచ్చిన్రు, అది 870 నంబర్ వీసా అయ్యి 2019ల వచ్చింది. మొదలైనప్పుడు మూడేళ్ళకు 5,000 డాలర్లు, ఐదేళ్ళకు 10,000, ఏడాదికి 15,000 వీసాల హద్దు, ఎంత ఉన్నా మొత్తం పదేళ్ళే, పని చేయొద్దు. దీనికి పిల్లల లెక్క టెస్ట్ లేదు కాబట్టి మా మేనత్త సొంటోళ్ళకు ఇదే దారి. కాకపోతే ఒక ఇంటి నుంచి ఒకసారి ఇద్దరు పెద్దోళ్ళకే, అంటే ఆమె అమ్మానాన్నలా ఈయన అమ్మానాన్నలా అన్న పంచాయితీ ఇంట్లకు వస్తది. ఇంకోటి, 870 మీద అక్కడ ఉండుకుంట పీఆర్‌కు అక్కడ్నుంచే అప్లై చేసుకోనియ్యరు. మెడికేర్, అంటే అక్కడి ప్రభుత్వ వైద్యం, ఉండదు, ఇండియాకు ఆస్ట్రేలియాకు దాని మీద ఒప్పందం లేదు, ప్రైవేటు ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే.

2022-23ల పేరెంట్ సీట్లు 4,500 నుంచి 8,500కు పెంచిన్రు. అప్పటికే క్యూల లక్షా ఇరవై వేల పైన ఉన్నరు, భాగించి చూస్కోన్రి. 2023ల ఆస్ట్రేలియా ప్రభుత్వమే వేయించిన మైగ్రేషన్ రివ్యూ కమిటీ, బహుశ ఎన్నటికీ రాని వీసాకు జనాన్ని అప్లై చేసుకోనిచ్చుడు క్రూరం, అవసరం కూడ లేదు అని రాసింది. ఇప్పుడు 143కు పన్నెండేళ్ళ పైనే, 103కు ముప్పై ఏళ్ళ చుట్టూ అంటున్నరు. అరవై ఐదేళ్ళ మనిషి 103 వేస్తే ఎన్నేండ్లకు వస్తదో ఆ మనిషి ముంగట నోరు తెరిచి చెప్పలేం.

అమెరికాల ఉన్నోళ్ళు మాకీ బాధ లేదు అంటరు, అది సగమే నిజం. 1965 చట్టం ప్రకారం సిటిజన్ల తల్లిదండ్రులకు సంఖ్య హద్దు లేదు, పిల్లల లెక్క టెస్ట్ లేదు, ఐ-130 అనే దరఖాస్తు వేస్తే ముంబైల ఇంటర్వ్యూ అయ్యి గ్రీన్ కార్డు వస్తది. కని స్పాన్సర్ చేయాలంటే 21 ఏళ్ళు నిండిన సిటిజన్ అయ్యుండాలె, గ్రీన్ కార్డు ఉంటే సరిపోదు, ఒక్కో దేశానికి 7 శాతం హద్దుతోని మన ఇంజనీర్ల గ్రీన్ కార్డే ఏండ్లకేండ్లు ఆగింది, అది వచ్చినంక సిటిజన్‌షిప్‌కు మళ్ళ ఐదేళ్ళు. కెనడా అయితే 2011 నవంబర్‌ల కొత్త దరఖాస్తులు ఆపి సూపర్ వీసా, అంటే పెద్దోళ్ళు చానా రోజులు ఉండి వచ్చే విజిట్ వీసా, తెచ్చింది, 2014ల 5,000 హద్దుతోని తెరిచింది, తర్వాత లాటరీ పద్ధతి కూడ పెట్టి చూసింది.

ఇగ మన దిక్కు కాయితాల సంగతి. పెద్దోళ్ళకు బర్త్ సర్టిఫికెట్ ఉండదు, ఆర్డీవో ఆఫీసు చుట్టూ తిరిగి లేటు రిజిస్ట్రేషన్ చేయించాలె. పాత పాస్‌పోర్టుల నల్గొండ జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉంటది, 2016 అక్టోబర్‌ల జిల్లాలు విడగొట్టినంక అదే ఊరు సూర్యాపేటలనో యాదాద్రిలనో పడ్డది, పాలమూరోళ్ళదైతే నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల అని. అమ్మ పేరు ఆధార్‌ల ఒక తీరు, అన్న పదో తరగతి మెమోల ఒక తీరు. ఇవన్నీ సరిజేసుకొనుడు మన చేతుల ఉన్న పని. మెడికల్ మాత్రం వీసా ఇచ్చే ముందట చేస్తరు, అప్లై చేసిననాడు కాదు. నాన్న 2018ల పొలం గట్టు మీద మా అందరికన్న ముందట నడిచేటోడు. ఇప్పుడు షుగర్ వచ్చింది, కిడ్నీల కోసం క్రియాటినిన్ పరీక్ష చూస్కుంటున్నం. అన్న ప్రతి ఆదివారం ఫోన్ చేసి ముందట రిపోర్ట్ ఎంతొచ్చింది అని అడుగుతడు, తర్వాత క్యూ ఏ తారీకు దాక వచ్చిందో చెప్తడు.