కడుపులో అదే క్రిమి, అల్సర్ మాత్రం కొందరికే

ఎండోస్కోపీ రిపోర్టులో ‘హెచ్. పైలోరీ పాజిటివ్’ అని ఉంటే ముందు ఫోన్ తీసి వెతుకుతాం. క్యాన్సర్ అన్న మాట కనబడగానే టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఈ బ్యాక్టీరియా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి జీవితాంతం ఏ బాధా ఉండదు. మరి కొందరికే ఎందుకు పుండు పడుతుంది? ఇది తేలడానికి చాలా ఏళ్లు పట్టింది.

1980ల దాకా అల్సర్ అంటే టెన్షన్, కారం, యాసిడ్. డాక్టర్లూ అదే చెప్పేవారు. అంత యాసిడ్‌లో ఏ క్రిమీ బతకదని వాళ్ల నమ్మకం. ఆస్ట్రేలియాలోని రాయల్ పెర్త్ ఆస్పత్రిలో పాథాలజిస్టు రాబిన్ వారెన్ 1979లో రోగుల జీర్ణాశయం నుంచి తీసిన బయాప్సీ ముక్కల్లో వంకర తిరిగిన బ్యాక్టీరియాను చూశారు. తర్వాత యువ డాక్టర్ బ్యారీ మార్షల్ ఆయనతో కలిశారు. ల్యాబ్‌లో పెంచుదామంటే ఎంతకీ పెరగదు. రెండు రోజులు చూసి ప్లేట్లు పారేయడం అక్కడి అలవాటు. 1982 ఈస్టర్ సెలవులకు ఒక ప్లేటు ఇంక్యుబేటర్‌లోనే ఉండిపోయింది. అయిదో రోజు తీసి చూస్తే పలచని చుక్కల్లా క్రిమి పెరిగి ఉంది. నిదానంగా పెరిగే జీవి, ఇన్నాళ్లూ తొందరపడింది మనుషులే.

అయినా ఎక్కువమంది నమ్మలేదు. 1984లో మార్షల్ ఆ క్రిములు కలిపిన ద్రవాన్ని తానే తాగేశారు. కొద్ది రోజులకే వాంతులు, నోటి దుర్వాసన. ఎండోస్కోపీలో జీర్ణాశయం పొర వాచి కనిపించింది. 2005లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఈలోగా 1994లో ప్రపంచ ఆరోగ్య సంస్థ క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ బ్యాక్టీరియాను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో, అంటే క్యాన్సర్ తెస్తాయని రుజువైన వాటిలో చేర్చింది. కానీ ప్రపంచంలో దాదాపు సగం మంది కడుపుల్లో ఇది ఉందని అంచనా. అందరికీ జబ్బు రావడం లేదంటే తేడా క్రిమిలోనే ఉండాలి కదా! పూర్తిగా కాదుగానీ, చాలావరకు ఉంది.

అల్సర్ రోగుల రక్తంలో ఈ క్రిమికి చెందిన ఒక పెద్ద ప్రొటీన్‌కు వ్యతిరేకంగా యాంటీబాడీలు ఎక్కువగా కనబడేవి. దాని జన్యువు 1993లో దొరికింది. పేరు క్యాగ్‌ఏ. ఇది ఒంటరిది కాదు, ఒక జన్యు గుంపులో భాగం. ఆ గుంపు డీఎన్‌ఏ కూర్పు మిగతా క్రోమోజోమ్‌తో సరిపోలదు. ఎప్పుడో వేరే బ్యాక్టీరియా నుంచి అరువొచ్చిందన్నమాట. అది చేసే పని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. సూదిలాంటి నిర్మాణంతో క్రిమి మన కణానికి అతుక్కుని క్యాగ్‌ఏ ప్రొటీన్‌ను లోపలికి ఎక్కిస్తుంది. అక్కడ మన ఎంజైములే దానికి ఫాస్ఫేట్ తగిలిస్తాయి. దాంతో కణం ఆకారం సాగిపోతుంది, పక్క కణంతో పట్టు సడలుతుంది, ఎదుగుదల అదుపు తప్పుతుంది.

వ్యాక్‌ఏ అనే మరో జన్యువు దాదాపు అన్ని రకాల్లోనూ ఉంటుంది. దాంతో క్రిమి ఒక విషాన్ని తయారుచేస్తుంది. జన్యువు రూపాన్ని బట్టి ఆ విషం తీవ్రత మారుతుంది.

క్యాగ్‌ఏ జపాన్, చైనా, కొరియా రకాల్లో దాదాపు అన్నిటిలో, అదీ మరింత బలమైన రూపంలో కనిపిస్తుంది. అక్కడ జీర్ణాశయ క్యాన్సర్ ఎక్కువ. మన దేశంలో ఈ ఇన్ఫెక్షన్ విస్తారం, క్యాన్సర్ మాత్రం వాళ్లంత లేదు. హైదరాబాద్‌లోని సీడీఎఫ్‌డీ (డీఎన్‌ఏ పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు 2000ల దశకంలో రోగుల నుంచి తీసిన క్రిముల్లో ఈ జన్యు గుంపును ముక్కముక్కగా పరీక్షించారు. చాలావాటిలో అది చెక్కుచెదరకుండా లేదు. అయితే మన జన్యువులు, తిండి, చిన్నప్పుడే ఇన్ఫెక్షన్ సోకడం కూడా లెక్కలోకి వస్తాయి. మామూలుగా చేసే శ్వాస, మల పరీక్షలు క్రిమి ఉందో లేదో చెబుతాయి. అది ఏ జన్యువులు మోస్తోందో వాటిలో తెలియదు.