ట్రంప్ ఆర్డర్‌తో రాష్ట్రాల ఏఐ చట్టాలు పోయినట్టేనా? అపోహలు - వాస్తవాలు

ఉద్యోగ దరఖాస్తులను ఏఐతో వడపోసే సాఫ్ట్‌వేర్, అమెరికాలో ఏ రాష్ట్రంలో ఏ చట్టానికి లోబడాలో చూసుకోవడం నా పని. లాయర్ చెప్పింది డెవలపర్‌కి, డెవలపర్ చెప్పింది లాయర్‌కి అర్థమయ్యేలా చెబుతూ, మధ్యలో ఇద్దరి చేతా తిట్లు తినే ఉద్యోగం అనుకోండి. 2025 డిసెంబర్ 11న ట్రంప్ ఏఐ మీద ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ సంతకం చేసినప్పటి నుంచి మన తెలుగు గ్రూపుల్లో రకరకాల మాటలు తిరుగుతున్నాయి. హైదరాబాద్ టీమ్‌లో ఒకబ్బాయి అయితే, "అన్నా, న్యూయార్క్ నోటీస్ స్క్రీన్ ఇక తీసేయొచ్చుగా, టికెట్ క్లోజ్ చేసేస్తా" అని మెసేజ్ పెట్టాడు. మీ దరఖాస్తును ఏఐ టూల్‌తో చూస్తాం అని అభ్యర్థికి ముందే చెప్పే స్క్రీన్ అది. తీయొద్దు తమ్ముడూ. ఎందుకో ఇక్కడే రాస్తున్నా, ప్రతి ఒక్కరికీ విడివిడిగా చెప్పే ఓపిక లేక.

అపోహ: ఆర్డర్ వచ్చింది, రాష్ట్రాల ఏఐ చట్టాలు రద్దయిపోయాయి.

ఆ సంతకంతో ఒక్క చట్టం కూడా రద్దు కాలేదు. మనవాళ్లు ఇక్కడ పొరబడటానికి కారణం ఉంది, మనకి ఆర్డినెన్స్ అలవాటు. ఇండియాలో పార్లమెంటు సమావేశాలు లేని సమయంలో 123వ అధికరణ కింద రాష్ట్రపతి ఆర్డినెన్స్ ఇస్తే దానికి చట్టంతో సమానమైన బలం ఉంటుంది. అమెరికా ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ అది కాదు. అధ్యక్షుడు తన కింది శాఖలకు, అధికారులకు ఇచ్చే ఆదేశం అది, అంతే. రాష్ట్రం చేసిన చట్టం చెల్లకుండా పోవాలంటే కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, చట్టం చేయాలి, లేదంటే కోర్టు కొట్టేయాలి, లేదా కాంగ్రెస్ ఇచ్చిన అధికారంతో ఏదైనా ఏజెన్సీ పద్ధతి ప్రకారం నిబంధన తేవాలి. మరి ఆర్డర్‌లో ఏముంది? రాష్ట్రాల ఏఐ చట్టాలను కోర్టులో సవాలు చేయడానికి న్యాయశాఖ ఒక టాస్క్ ఫోర్స్ పెట్టాలి. వాణిజ్య శాఖ 90 రోజుల్లో "భారంగా ఉన్న" రాష్ట్ర చట్టాల జాబితా తయారుచేయాలి. వినియోగదారుల రక్షణ చూసే ఎఫ్‌టీసీ, టెలికాం చూసే ఎఫ్‌సీసీ తమ వైపు నుంచి ఏం చేయగలవో చూడాలి. కాంగ్రెస్ ముందు పెట్టడానికి, రాష్ట్ర చట్టాలను తోసిరాజనే బిల్లు ఒకటి సిఫార్సు చేయాలి. ఆర్డర్‌తోనే పని అయిపోయేదైతే ఆ బిల్లు ఎందుకు?

అపోహ: కాంగ్రెస్ ట్రంప్ రిపబ్లికన్ పార్టీ చేతిలోనే ఉంది కదా, బిల్లు పాస్ అవడం ఎంతసేపు?

ఒకసారి గట్టిగా ప్రయత్నించారు, ఏమైందో చూడండి. 2025 మేలో ప్రతినిధుల సభ తన భారీ బడ్జెట్ బిల్లులోనే, రాష్ట్రాలు పదేళ్లపాటు ఏఐ చట్టాలను అమలు చేయకూడదని ఒక క్లాజ్ పెట్టి పాస్ చేసింది, అదీ ఒకే ఒక్క ఓటు తేడాతో. సెనేట్‌కి వచ్చేసరికి టెక్సస్ రిపబ్లికన్ సెనేటర్ టెడ్ క్రూజ్ దాన్ని బ్రాడ్‌బ్యాండ్ నిధులకు ముడిపెట్టారు. టెనెసీ రిపబ్లికన్ సెనేటర్ మార్షా బ్లాక్‌బర్న్ ముందు ఒప్పుకోలేదు, తర్వాత పదేళ్లను ఐదేళ్లు చేసి, పిల్లల భద్రతకీ కళాకారులకీ మినహాయింపులు పెట్టిన రాజీకి సరే అన్నారు, ఒక రోజు తిరిగేసరికి అదీ కాదన్నారు. ఆవిడ రాష్ట్రంలో సంగీత పరిశ్రమకు పేరున్న నాష్‌విల్ ఉంది మరి. గాయకుల గొంతును ఏఐతో దొంగిలించకుండా టెనెసీ 2024లోనే చట్టం చేసుకుంది, దాన్ని వదులుకుని ఊళ్లోకి ఎలా వెళ్తారు? చివరికి జూలై 1న తెల్లవారుజామున ఓటింగ్ పెడితే ఆ క్లాజ్‌ని 99-1తో పీకేశారు. ఈ రోజుల్లో సెనేట్‌లో అంతమంది ఒక మాట మీదకి రావడమే వింత. ఆ ఏడాది చివర్లో రక్షణ బిల్లులో దూర్చాలని చూశారు, అదీ కుదరలేదు. ఆ దారులన్నీ మూసుకుపోయాకే ఈ ఆర్డర్ వచ్చింది.

అపోహ: ఇది డెమొక్రాట్ రాష్ట్రాలకీ ట్రంప్‌కీ గొడవ.

టెక్సస్ ఏఐ చట్టం మీద సంతకం చేసింది ట్రంప్ పార్టీకే చెందిన గవర్నర్ గ్రెగ్ అబాట్. రిపబ్లికన్ల చేతిలో ఉన్న యూటా 2024లోనే చట్టం చేసింది. ఫ్లోరిడా రిపబ్లికన్ గవర్నర్‌గా ఉన్న డిశాంటిస్ రాష్ట్రాల అధికారం లాక్కోవద్దని బాహాటంగానే అన్నారు. ఇంకేం చెప్పాలి.

అపోహ: అయితే ఈ ఆర్డర్ ఉత్త కాగితం, పట్టించుకోనక్కర్లేదు.

ఇది మొదటి అపోహకి తిరగేసిన రూపం, దీన్ని నమ్మేవాళ్లంటే నాకు ఇంకా ఎక్కువ టెన్షన్. ఒత్తిడి చట్టాన్ని రద్దు చేసి పని చేయదు, డబ్బుతో, కేసులతో పని చేస్తుంది. పల్లెలకు ఇంటర్నెట్ ఇవ్వడానికి 2021 చట్టం కింద 4,245 కోట్ల డాలర్లు కేటాయించారు. 2025లో నిబంధనలు మార్చి, కేబుళ్లు వేసే ఖర్చు తగ్గించడంతో అందులో సుమారు 2,000 కోట్ల డాలర్లు మిగిలేలా కనిపించాయి. ఆర్డర్ గురిపెట్టింది ఆ మిగులు మీదే, "భారమైన" ఏఐ చట్టాలున్న రాష్ట్రాలకు ఆ సొమ్ము అందకుండా షరతు పెట్టమంది. కాంగ్రెస్ ఇచ్చిన డబ్బుకి కాంగ్రెస్ పెట్టని షరతు అధ్యక్షుడు పెట్టవచ్చా అన్నది పెద్ద ప్రశ్నే, కోర్టుకెళితే రాష్ట్రాలు గట్టిగానే వాదించగలవు. కానీ అది తేలేలోపు, పల్లె ఓటర్లకు నెట్ ఇస్తానని మాటిచ్చిన ఎమ్మెల్యే లాంటి ఒక స్టేట్ సెనేటర్, ఇప్పుడీ ఏఐ బిల్లు ఎందుకులే అని పక్కన పెట్టేస్తే? అలా పెట్టకుండా ఆగిపోయిన బిల్లు ఏ లెక్కలోనూ కనపడదు. నా ఉద్దేశంలో ఈ ఆర్డర్ అసలు దెబ్బ అక్కడే.

అపోహ: రాష్ట్రాలు ఏఐ చేత అబద్ధాలు చెప్పిస్తున్నాయి.

ఆర్డర్‌లో పేరు పెట్టి మరీ విమర్శించింది కొలరాడో 2024 చట్టాన్ని, అమలు తేదీని రాష్ట్రమే 2025లో ఒకసారి 2026 జూన్ 30కి జరుపుకున్న చట్టం అది. వివక్ష వద్దనే పేరుతో మోడల్స్ చేత తప్పుడు ఫలితాలు ఇప్పిస్తారన్నది ఆరోపణ. కొలరాడో విషయంలో ఈ వాదనను పూర్తిగా కొట్టిపారేయను, ఎందుకంటే 2024లో చేసిన రూపంలో ఆ చట్టం ఫలితాల్లో తేడా వచ్చినా వివక్షే అంది, దాన్ని నివారించే బాధ్యత కంపెనీ మీద పెట్టింది. కానీ అన్నీ అలాంటివి కావు. నేను రోజూ చూసే న్యూయార్క్ సిటీ నిబంధన తీసుకోండి, 2023 జూలై నుంచి అమల్లో ఉంది. టూల్ వంద మంది మగవాళ్లలో 40 మందిని, వంద మంది ఆడవాళ్లలో 30 మందిని ముందుకు పంపిందనుకోండి. 30ని 40తో భాగిస్తే 0.75. ఈ అంకెను బయటి ఆడిటర్ చేత లెక్క కట్టించి వెబ్‌సైట్‌లో పెట్టాలి, అభ్యర్థికి పది పనిదినాల ముందు టూల్ వాడతామని చెప్పాలి. 0.75 వస్తే టూల్ ఆపేయమని గానీ, ఫలితం మార్చమని గానీ ఆ చట్టంలో ఎక్కడా లేదు. ఉన్న అంకెను నలుగురికీ చూపించమనడం అబద్ధం ఎలా అవుతుంది?

అపోహ: యాభై రాష్ట్రాలు, యాభై చట్టాలు, పాటించడం ఎవరి తరం?

ఇందులో సగం నిజం ఉంది, కాదనను. ఇల్లినాయిలో ఒకటి, కాలిఫోర్నియాలో ఇంకొకటి, ఒక్కోచోట నోటీస్ భాష వేరు, రికార్డులు దాచే కాలం వేరు, నా ఎక్సెల్ షీట్ తెరవడానికే టైమ్ పడుతుంది. దేశమంతటికీ ఒక మంచి ఫెడరల్ చట్టం వస్తే మొదట చప్పట్లు కొట్టేది నేనే. కానీ రాష్ట్రాల్ని ఆపేసి, వాటి స్థానంలో ఏమీ పెట్టకపోతే అది ఒకే ప్రమాణం ఎలా అవుతుంది? 2025 వేసవిలో ఆ బడ్జెట్ బిల్లు క్లాజ్ అడిగింది అదే. ఇక పనిలో చూస్తే యాభై రకాలుగా చేసేవాళ్లు ఎవరూ లేరు. అన్నిటికంటే గట్టి నిబంధనకు తగ్గట్టు టూల్ కడతాం, నోటీసులు మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుస్తాం.

అపోహ: పిల్లల భద్రత చట్టాలూ పోతాయి.

కాంగ్రెస్‌కి సిఫార్సు చేయమన్న బిల్లు వీటి జోలికి వెళ్లకూడదని ఆర్డరే చెప్పింది. డేటా సెంటర్ల ఏర్పాటు, రాష్ట్ర ప్రభుత్వాలు తాము ఏఐ కొనుక్కునే తీరు కూడా అదే కోవలోకి వస్తాయి. ఆ గీత ఎక్కడ గీస్తారన్నది బిల్లు రాసేవాళ్ల చేతిలో ఉంటుంది.

అపోహ: మాది హైదరాబాద్ కంపెనీ, మాకేంటి?

చట్టం చూసేది ఉద్యోగం, అభ్యర్థి ఎక్కడున్నారని, కోడ్ ఎక్కడ రాశారని కాదు. పైగా మీ అమెరికా క్లయింట్ ఆ బాధ్యతను కాంట్రాక్టులోనే మీ మీదకి నెట్టేసి ఉంటాడు, ఒకసారి తీసి చదవండి. ఇంకోటి, ఏఐ అన్న మాట లేని పాత ఫెడరల్ చట్టాలు ఎక్కడికీ పోలేదు. ఉద్యోగ నియామకాల సాఫ్ట్‌వేర్ అమ్మే వర్క్‌డే కంపెనీ మీద కాలిఫోర్నియా ఫెడరల్ కోర్టులో నడుస్తున్న కేసులో, 40 ఏళ్లు దాటినవాళ్లను సాఫ్ట్‌వేర్ పక్కన పెట్టిందన్న ఆరోపణపై ఉమ్మడిగా ముందుకెళ్లడానికి 2025 మేలో జడ్జి ప్రాథమికంగా అనుమతించారు. ఆ వాదన నిలబడింది 1967 నాటి వయసు వివక్ష చట్టం మీద, ఏ రాష్ట్ర ఏఐ చట్టం మీదా కాదు. కాబట్టి ఆ నోటీస్ స్క్రీన్ అలాగే ఉంచండి, స్కోర్ల లాగ్స్ చెరపకండి. కాలిఫోర్నియా అభ్యర్థులవైతే నాలుగేళ్లు దాచాలి, ఆ నిబంధన 2025 అక్టోబర్ 1 నుంచే అమల్లో ఉంది.